అపోలో బందర్ నడకలో మార్పులు, యాట్ క్లబ్ గురించి మీరు అడిగినవి

అందరికీ నమస్కారం. ముంబైలో తెలుగువాళ్ల కోసం మేం నడిపే వారాంతపు నడకల్లో అక్టోబర్ నుంచి కొన్ని మార్పులు వస్తున్నాయి. ముఖ్యంగా అపోలో బందర్ నడకలో. గేట్‌వే ఆఫ్ ఇండియా, తాజ్ హోటల్, తెరచాప పడవలు నడిపేవాళ్ల పాత క్లబ్బైన రాయల్ బాంబే యాట్ క్లబ్, ఆ ముందున్న హార్బర్ కలిపి చూపించే నడక అది. టికెట్ ధర పెరుగుతోంది. పడవలో ఎలిఫెంటా దీవి గుహలకి వెళ్లే ప్రయాణాన్ని ఇందులోంచి తీసేస్తున్నాం. యాట్ క్లబ్ దగ్గర ఆగే సమయం బాగా పెంచుతున్నాం. దేనికి ఏం కారణమో చెబుతాను, చదివాకే బుక్ చేసుకోండి.

ముందు, ఫోన్ చేసేవాళ్లలో చాలామంది అడిగే మాట. "క్లబ్ లోపలికి తీసుకెళ్తారా అండీ?" తీసుకెళ్లం. అది సభ్యుల క్లబ్బు. సభ్యులు, వాళ్లు వెంటబెట్టుకొచ్చే అతిథులు, ఒప్పందం ఉన్న వేరే క్లబ్బుల సభ్యులు మాత్రమే లోపలికి వెళ్లగలరు. హైదరాబాద్‌లోనో విశాఖలోనో మీకు క్లబ్ సభ్యత్వం ఉంటే, బాంబే యాట్ క్లబ్‌తో ఒప్పందం ఉందేమో మీ క్లబ్ ఆఫీసులో అడగండి. ఉంటే మీరు సొంతంగా వెళ్లి గది తీసుకోవచ్చు, భోంచెయ్యొచ్చు. అందులో మా పాత్ర ఏమీ ఉండదు. తెలిసిన సభ్యుణ్ణి పట్టుకుని, పదిమందిని అతిథులుగా రాయించి, ఆ పేరుతో టికెట్ అమ్మే పని మాత్రం మేం చెయ్యం. క్లబ్బు వాళ్లకి అది మర్యాద కాదు, మీకూ ఇబ్బందే.

మరి బయటి నుంచి చూసేదానికి ఇంత సమయం ఎందుకు? ఎందుకంటే అక్కడ యాట్ క్లబ్ భవనాలు రెండున్నాయి. మామూలు టూర్లు ఒక్కటే చూపించి ముందుకు వెళ్లిపోతాయి. అసలు కథ రెండోదాంట్లో ఉంది.

క్లబ్ మొదలైంది 1846లో, బాంబే యాట్ క్లబ్ అనే పేరుతో. 1876లో విక్టోరియా రాణి అనుమతితో ముందు 'రాయల్' చేరింది. 1881లో సరిగ్గా సముద్రపు ఒడ్డున క్లబ్ హౌస్ కట్టుకున్నారు. అప్పటికి ఆ ఒడ్డున ఇప్పుడు మనం ఫొటోలు దిగేవేవీ లేవు. తాజ్ తెరిచింది 1903లో, గేట్‌వే పూర్తయింది 1924లో. అంటే నలభై ఏళ్లకు పైగా, ఓడలో బాంబే వచ్చేవాళ్లకి నీళ్ల మీంచి కనిపించే గొప్ప భవనాల్లో ఆ క్లబ్ హౌస్ ఒకటి. 1896లో దాని ఎదుట, రోడ్డుకి ఇవతల, సభ్యులు బస చెయ్యడానికి ఇంకో భవనం లేచింది. రెసిడెన్షియల్ చాంబర్స్ అంటారు. గీసింది జాన్ ఆడమ్స్, చౌపాటీ దగ్గర విల్సన్ కాలేజీ కూడా ఆయనదే. కోసుగా లేచిన ఆర్చులు, ఏటవాలు కప్పులు, సముద్రపు గాలికి తెరిచిన వరండాలు. ఈ రోజు 'యాట్ క్లబ్' అని టాక్సీవాడికి చెబితే దింపేది ఈ చాంబర్స్ దగ్గరే. క్లబ్ ఇప్పుడు నడుస్తున్నదీ ఇందులోనే. జాగ్రత్తగా మరమ్మతు చేసి నిలబెట్టుకున్నందుకు 2013లో యునెస్కో ఆసియా పసిఫిక్ వారసత్వ పురస్కారాల్లో ప్రత్యేక ప్రస్తావన కూడా దక్కింది. పాత భవనాన్ని కూల్చకుండా, రంగులతో పాడుచెయ్యకుండా వాడుకోవడం ఎలాగో చూడాలంటే ముంబైలో నేను ముందు చూపించేది దీన్నే.

లోపలి సౌకర్యాల గురించి కూడా అడుగుతారు. బస గదులు, భోజనశాల, బార్, విందుల హాలు, మామూలుగా పాత క్లబ్బుల్లో ఉండేవే. దుస్తుల విషయంలో నియమాలున్నాయి. నీళ్ల మీద సౌకర్యం మాత్రం మీరు ఊహించేలా ఉండదు. విదేశీ సినిమాల్లో చూపించినట్టు పడవలు వరసగా చెక్క వంతెనలకి కట్టి ఉండవు. ఇక్కడ పడవలు గేట్‌వేకి ఎదురుగా తెరిచిన నీళ్లలో, బోయాలకి, అంటే అడుగున లంగరు వేసి నీళ్ల మీద తేలే గుండ్లకి, కట్టి ఉంటాయి. చిన్న లాంచీలో వెళ్లి ఎక్కాలి. జూన్‌లో వానలు మొదలయ్యే లోపు బయటికి లాగేస్తారు, మళ్లీ నీళ్లలోకి దించేది వానలు తగ్గాకే. నైరుతి రుతుపవనాల్లో ఈ హార్బర్‌లో తెరచాప పడవ నడపడం ప్రాణాలతో చెలగాటం.

ఇప్పుడు ఆ రెండో భవనం సంగతి. పాత క్లబ్ హౌస్ ప్రభుత్వం చేతికి వెళ్లింది. 1949లో అణు శాస్త్రవేత్త హోమీ భాభా నడుపుతున్న పరిశోధన సంస్థ, టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్, అందులోకి మారింది. 1962లో కొలాబా చివర సొంత భవనం ప్రారంభమయ్యేదాకా మన దేశపు ఆధునిక భౌతికశాస్త్రంలో పెద్ద భాగానికి చిరునామా పాత యాట్ క్లబ్బే. రేసులు, గాలులు, విందుల గురించి కబుర్లు చెప్పుకున్న గదుల్లో అంతరిక్షం నుంచి వచ్చే కాస్మిక్ కిరణాల మీద సెమినార్లు జరిగాయి. ఇప్పుడది అణుశక్తి శాఖ ఆధీనంలో ఉంది, పక్కనే ఆ శాఖ ప్రధాన కార్యాలయం. భద్రత ఉంటుంది కాబట్టి ఆ వైపు కెమెరా ఎత్తొద్దు. మా గైడ్ చెప్పిన చోట నిలబడి చూస్తే చాలు.

ఇక్కడే మన తెలుగు కథ ఒకటుంది. ఏఎస్ రావు గారి పేరు హైదరాబాద్ వాళ్లకి కాలనీ పేరుగా, బస్ స్టాప్ పేరుగా తెలుసు. అయ్యగారి సాంబశివరావు గారు పశ్చిమ గోదావరి జిల్లాలో పుట్టారు. స్టాన్‌ఫర్డ్‌లో చదివి వచ్చి 1940ల చివర్లో భాభా బృందంలో చేరారు. అణు ప్రయోగాలకి కావలసిన ఎలక్ట్రానిక్ పరికరాలని విదేశాల నుంచి కొనితెచ్చుకోకుండా ఇక్కడే తయారుచెయ్యాలన్న పట్టుదల ఆయనది. ఆయన చేరిన సంస్థ ఈ సముద్రపు ఒడ్డు భవనంలోకి వచ్చింది అవే తొలి సంవత్సరాల్లో. ఆ పని పెరిగి పెరిగి 1967లో హైదరాబాద్‌లో అణుశక్తి శాఖ కింద ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్, అదే ఈసీఐఎల్, అయింది. తరువాత అదే శాఖ కింద అణు ఇంధనం తయారుచేసే ఎన్ఎఫ్‌సీ వచ్చింది. కుషాయిగూడ, మౌలాలి, ఏఎస్ రావు నగర్ వైపు వేల కుటుంబాలు ఆ జీతాల మీద ఇళ్లు కట్టుకున్నాయి, పిల్లల్ని చదివించుకున్నాయి. ఆ భవనం ఎదుట నిలబడి ఈ సంగతి చెబుతుంటే, అప్పటిదాకా తాజ్ వైపు తిరిగి ఫొటోలు తీసుకుంటున్న ఒక పెద్దాయన ఇటు తిరిగి, "మా హెడ్డాఫీసు ఇదేనా?" అన్నారు. ముప్పై ఏళ్లు ఈసీఐఎల్‌లో చేసి రిటైరయ్యారట. ఈ ఆగే చోటుకి సమయం పెంచాలని నాకు గట్టిగా అనిపించింది అప్పుడే.

క్లబ్ చరిత్రలో గర్వపడలేని భాగం కూడా ఉంది, నడకలో దాన్ని దాటవెయ్యం. తెల్లవాళ్ల పాలనలో భారతీయులకి ఇందులో సభ్యత్వం లేదు. అప్పటి గవర్నర్ లార్డ్ విల్లింగ్డన్ తీసుకొచ్చిన భారతీయ అతిథుల్ని లోపలికి రానివ్వలేదనీ, ఆ కోపంతోనే అందరినీ చేర్చుకునే విల్లింగ్డన్ స్పోర్ట్స్ క్లబ్ పెట్టించారనీ ముంబైలో ఒక కథ చెప్పుకుంటారు. కథ సంగతి ఎలా ఉన్నా, విల్లింగ్డన్ క్లబ్ 1918లో భారతీయులకీ తలుపులు తెరిచే మొదలైంది. ఇంకోవైపు, ఆ కాలంలో ఈ నగరపు భవనాలకి రాళ్లు మోసి, సున్నం కలిపిన కామాఠీలు మన తెలుగు ప్రాంతాల నుంచి వచ్చినవాళ్లు. కామాఠిపురా వాళ్లు కాపురం ఉన్న పేట. మా కుటుంబం కూడా కరీంనగర్ వైపు నుంచి మిల్లు పనికి వచ్చి ఇక్కడ స్థిరపడిందే. కాబట్టి ఈ వీధుల్లో నడుస్తూ గవర్నర్ల పేర్లు మాత్రమే చెప్పి ఊరుకోవడం నాకు చేతకాదు.

నడక వేళ కూడా మారుతోంది. ఇంతకాలం పొద్దున 8 గంటలకి మొదలుపెట్టేవాళ్లం, ఇకనుంచి మధ్యాహ్నం 3:30కి. ఎండ ఉంటుంది, ఒప్పుకుంటాను. కానీ చలికాలంలో మధ్యాహ్నం దాటాకే వాయవ్యం నుంచి సముద్రపు గాలి బాగా లేస్తుంది, తెరచాప పడవలు బయటికొచ్చేది ఎక్కువగా అప్పుడే. పైగా గేట్‌వే తూర్పు ముఖం. సాయంత్రం సూర్యుడు మన వీపు వెనక ఉంటాడు, వెలుగంతా నీళ్ల మీద, తెరచాపల మీద పడుతుంది. పొద్దున కళ్లలో ఎండ కొడుతూ ఏమీ కనిపించదు.

పడవలు చూడటం కూడా నేర్పిస్తాం. బోయాకి కట్టిన పడవ ముక్కు ఎటు తిరిగిందో గమనించండి. గాలి మరీ గట్టిగా లేకపోతే, నీళ్లు ఎటు నుంచి వస్తుంటే పడవ అటే తిరుగుతుంది. పోటు వేళ నీళ్లు దక్షిణాన ఉన్న హార్బర్ ముఖం నుంచి లోపలికి తోసుకొస్తాయి, పడవలన్నీ దక్షిణానికి తిరిగి నిలబడతాయి. ఆటు మొదలయ్యాక ఒక్కొక్కటే మెల్లగా తిరగడం మొదలుపెట్టి, కాసేపటికి అన్నీ ఉత్తరం వైపు చూస్తాయి. రెండింటికీ మధ్య నీళ్లు నిలిచిపోయిన కొద్దిసేపు ఏ పడవ ఎటు చూస్తుందో చెప్పలేం. ఆ సమయంలో అక్కడుంటే అదృష్టమే. విశాఖ వాళ్లు ఇంకో తేడా గమనిస్తారు. అక్కడ పెద్ద పోటుకీ ఆటుకీ మధ్య నీటిమట్టం తేడా ఒకటిన్నర మీటరుకి అటూ ఇటూగా ఉంటుంది. ముంబైలో అమావాస్యకీ పౌర్ణమికీ అది 4, 5 మీటర్ల దాకా పోతుంది. గేట్‌వే మెట్ల మీద పచ్చగా నాచు పట్టిన గీత ఎంత ఎత్తున ఉందో చూస్తే మీకే తెలుస్తుంది. ఆ నాచు మెట్ల మీదికి మాత్రం దిగొద్దు, పిల్లల చెయ్యి వదలొద్దు.

ఇదే నీళ్ల మీంచి నౌకాదళ అధికారి అభిలాష్ టోమీ 2012 నవంబర్ 1న తెరచాప పడవలో ఒంటరిగా బయలుదేరి, ఎక్కడా ఆగకుండా భూమిని చుట్టి 2013లో తిరిగొచ్చారు. భారతీయుల్లో అలా చేసిన మొదటి మనిషి ఆయన. ఆయన్ని మోసిన మాదెయి పడవ మీదే శిక్షణ పొంది, 2017-18లో తారిణి అనే తెరచాప పడవలో ప్రపంచాన్ని చుట్టొచ్చిన ఆరుగురు నౌకాదళ అధికారిణుల్లో ఇద్దరు మన ఊళ్ల వాళ్లు, విశాఖ నుంచి స్వాతి, హైదరాబాద్ నుంచి ఐశ్వర్య బొడ్డపాటి. ఆడపిల్లలున్న కుటుంబాలు వచ్చిన రోజున ఈ కథ మీద ఎక్కువసేపు ఆగుతాం.

ఎలిఫెంటా ఎందుకు తీసేశామంటే, రెండూ కలిపితే రెంటికీ న్యాయం జరగడం లేదు. అటూ ఇటూ పడవలోనే రెండు గంటలు పోతుంది. సోమవారం గుహలు మూసి ఉంటాయి, సముద్రం బాగా లేనప్పుడు పడవలు ఆగిపోతాయి, అప్పుడు మీ డబ్బు గురించి మీకూ మాకూ టెన్షన్. ఇకనుంచి అది వేరే రోజు, వేరే టికెట్. 2024 డిసెంబర్‌లో ఆ దారిలో జరిగిన ఘోర ప్రమాదం తరువాత లైఫ్ జాకెట్ విషయంలో మేం మొహమాటపడటం లేదు. జాకెట్ వేసుకోనంటే మా బ్యాచ్‌తో పడవ ఎక్కనివ్వం. ఉక్కపోతగా ఉందన్నా, చీర నలుగుతుందన్నా సరే.

ధర మనిషికి 900 రూపాయలు ఉండేది, ఇప్పుడు 1,100 అవుతోంది. బ్యాచ్‌ని 12 మందికి తగ్గించాం, అందరికీ చెవిలో పెట్టుకునే హెడ్‌సెట్లు అద్దెకి తెస్తున్నాం. గేట్‌వే దగ్గర ఆ గోలలో గొంతు చించుకున్నా వెనకున్నవాళ్లకి వినపడదు, పెద్దవాళ్లకి అసలే వినపడదు. పన్నెండేళ్ల లోపు పిల్లలకి సగం ధర, అందులో మార్పు లేదు.

పెద్దవాళ్లతో వచ్చేవాళ్లు కొన్ని తెలుసుకోండి. గేట్‌వే ఆవరణలో సంచులు తనిఖీ చేస్తారు, క్యూ ఉంటుంది. లోపల కూర్చునే చోటు దాదాపు లేదు, అందుకే మడత స్టూళ్లు మేం తెస్తాం, ముందుగా చెబితే చాలు. బాత్రూం అవసరాలకి నడక మొదలయ్యే ముందే ఒకచోట ఆపుతాం, మధ్యలో కష్టం. వాన పడి రద్దయితే మొత్తం డబ్బు వెనక్కి ఇస్తాం.

మా పిల్లలకి తెరచాప పడవ నడపడం నేర్పిస్తారా అని అడిగేవాళ్లకి నా సలహా: దానికోసం ముంబై రావక్కర్లేదు. హుస్సేన్ సాగర్‌లో యాట్ క్లబ్ ఆఫ్ హైదరాబాద్ పిల్లలకి నేర్పిస్తోంది. పశ్చిమ తీరంలో సముద్రం మూసుకుపోయే జులై రోజుల్లోనే అక్కడ హైదరాబాద్ సెయిలింగ్ వీక్ జరుగుతుంది, దేశం నలుమూలల నుంచి పడవలు నడిపేవాళ్లు వస్తారు. ఒకసారి ట్యాంక్‌బండ్ మీద నిలబడి ఆ పోటీలు చూసి, తరువాత ఇక్కడికి రండి. మేం చెప్పేవి ఇంకా బాగా అర్థమవుతాయి.

చివరగా ఒక మనవి. ఈసీఐఎల్, ఎన్ఎఫ్‌సీ, బార్క్ (భాభా అణు పరిశోధన కేంద్రం)లలో పనిచేసి, చిన్న వయసులో బాంబేలో కొన్నేళ్లు గడిపిన పెద్దలు మీ ఇంట్లో ఉంటే, బుకింగ్ చేసేటప్పుడు ఆ మాట రాయండి. వాళ్లు టికెట్ కొనక్కర్లేదు. పాత యాట్ క్లబ్ ఎదుట ఆగినప్పుడు గైడ్ పక్కకి తప్పుకుంటాడు, ఆ రోజుల గురించి వాళ్లే మాట్లాడొచ్చు, ఇష్టమైతేనే. అక్టోబర్ బ్యాచ్‌లకి బుకింగ్ మొదలైంది. దసరా సెలవుల్లో రావాలనుకునేవాళ్లు కాస్త ముందుగా చెప్పండి.