సూరిగాడికి, ఆ ప్యాకేజీ సంగతి

ఒరే సూరీ,

మీ అమ్మకి, అదే మన పెద్దమ్మకి, చేయిద్దామని నువ్వు పంపిన ఫుల్ బాడీ క్యాన్సర్ ప్యాకేజీ లిస్టు చూశాను. ఫోన్ చేద్దామనుకున్నాను గానీ నువ్వు రెండో మాటకే అడ్డొస్తావు, మూడో మాటకి మీ ఆఫీసు కాల్ వస్తుంది. అందుకే రాస్తున్నాను. తీరిగ్గా చదువు, కోప్పడాలనిపిస్తే చివర్లో కోప్పడు.

అరవై పైచిలుకు పరీక్షలున్నాయి అందులో. రక్తంలో క్యాన్సర్ ఆనవాళ్ళు వెతికే ట్యూమర్ మార్కర్లట, థైరాయిడ్ స్కానట, పొత్తికడుపు స్కానట. శ్రీకాకుళం తీరంలో, బారువలో పుట్టి, చిన్నప్పట్నుంచీ చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగిన మనిషికి ఇన్ని చేస్తూ ఒక్కసారి నోరు తెరిపించి చూసే పని మాత్రం ఎక్కడా లేదు. పళ్ళ డాక్టర్ని కదా, వీడికి నోరు తప్ప ఇంకోటి కనబడదు అనుకుంటావేమో. అనుకో. పెద్దమ్మకి మిగతా అరవై కంటే ఆ ఒక్కటే ముఖ్యం.

ఇంతకీ ఇంకా తాగుతోందా? హైదరాబాద్ వచ్చాక మానేసిందని నువ్వంటావు. మొన్న ఫోన్లో నాతో ఏమందో తెలుసా? "సుట్ట మానీసినాన్రా బాబూ, పండక్కీ పబ్బానికీ ఒక్కటే" అంది. నీ బాల్కనీలో తులసికోట వెనకాల ఓసారి వెతుకు.

ఊళ్ళో ఉన్నన్నాళ్ళూ మనకి అదో వింతగా తోచలేదు. సగం ఊరు నిప్పు లోపలికి పెట్టుకునే తాగేది. గాలికి ఆరదు, బూడిద రాలదు, చేతులు తడిగా ఉన్నా ఇబ్బంది లేదు. బట్టలుతుకుతూ, చేపలు ఎండబెడుతూ, నాట్లు వేస్తూ తాగేయొచ్చు. మగాళ్ళ కంటే ఆడవాళ్ళకే ఈ అలవాటు ఎక్కువ, తల్లిని చూసి కూతురు నేర్చుకునేది. ఆ వేడీ ఆ పొగా నేరుగా తగిలేది అంగిలికి. నోటి క్యాన్సర్ అంటే వేరేచోట్ల ఎక్కువగా బుగ్గా, నాలుకా. గట్టి అంగిట్లో రావడం అరుదు. మన తీరంలో మాత్రం అది మామూలు విషయమైపోయింది.

ఇది లోకానికి ఎలా తెలిసిందో చదివితే భలే ఉంటుందిరా. 1960లలో బొంబాయి టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్‌లో దంత పరిశోధన విభాగం ఒకటుండేది. ఫలీ మెహతా అనే ఆయన దాన్ని నడిపేవాడు. ఆయనా, డెన్మార్క్ నుంచి పిండ్‌బోర్గ్ అనే నోటి జబ్బుల నిపుణుడూ, ప్రకాశ్ గుప్తా అనే గణాంకాల మనిషీ కలిసి దేశంలో ఐదు జిల్లాలు ఎంచుకున్నారు. ఎర్నాకుళం, భావ్‌నగర్, సింగ్‌భూమ్, దర్భంగా, మన శ్రీకాకుళం. ఇంటింటికీ తిరిగి యాభై వేల మందికి పైగా నోళ్ళు చూశారు. మన జిల్లాలో చూసింది 10,169 మందిని. అందులో దాదాపు 44 శాతం అడ్డపొగ తాగేవాళ్ళే! ఆ లెక్కలు 1971లో బ్రిటన్ క్యాన్సర్ పత్రికలో అచ్చయ్యాయి. అంగిలి తెల్లబడటం, మధ్యలో ఎర్రచుక్కలు, కొన్నిచోట్ల రంగు పోవడం, పుండు పడటం, ఇవన్నీ అందులో రాశారు. ఈ రోజుకీ పళ్ళ కాలేజీల్లో చదివే పాఠం మన అమ్మమ్మల నోళ్ళలోంచి వచ్చిందే. వాళ్ళకి మాత్రం ఆ సంగతి ఎవరూ చెప్పి ఉండరు.

అసలు గొప్ప పని ఆ తర్వాతిది. అదే బృందం ఎర్నాకుళం, భావ్‌నగర్, శ్రీకాకుళం జిల్లాల్లో పొగాకు వాడే 36 వేల మందిని తీసుకుని, ఏటా పళ్ళ డాక్టర్లని ఇళ్ళకి పంపి నోరు చూపించి, మానమని ఒక్కొక్కరికీ విడిగా చెప్పించింది. సినిమాలు వేశారు, రేడియోలో చెప్పారు. మందూ లేదు, మాత్రా లేదు. అందరూ మానలేదు గానీ, ఇలా చెప్పించుకోనివాళ్ళతో పోలిస్తే ఎక్కువమందే మానారు, తగ్గించారు. వాళ్ళలో కొత్తగా మచ్చలు రావడం బాగా తగ్గింది. 1986లో వైద్య పత్రిక లాన్సెట్‌లో వచ్చింది. క్యాన్సర్‌కి ముందొచ్చే మచ్చని మాటతో ఆపొచ్చని మన ఊళ్ళలో తేలింది. నా దగ్గరికొచ్చే ముసలమ్మలతో గొంతు పోయేలా మాట్లాడటానికి నాకున్న ధైర్యం అదే.

నోరు చూడటం వల్ల ప్రాణాలు నిలబడతాయా అన్నది వేరే ప్రశ్న. దాని జవాబు తిరువనంతపురం దగ్గర దొరికింది. 1996లో మొదలుపెట్టి దాదాపు రెండు లక్షల మంది మీద చేశారు. డిగ్రీ చదివిన మామూలు కుర్రాళ్ళకి శిక్షణ ఇచ్చి, ఇంటికెళ్ళి వెలుతుర్లో నోరు చూడమన్నారు. పొగాకో మందో అలవాటున్నవాళ్ళలో నోటి క్యాన్సర్ చావులు 34 శాతం తగ్గాయి. అలవాటు లేనివాళ్ళనీ కలిపి లెక్క చూస్తే తేడా అంత గట్టిగా తేలలేదు. ఈ రెండో వాక్యం గుర్తుపెట్టుకో, ఎందుకంటే నీ ప్యాకేజీవాళ్ళు ఎప్పటికీ చెప్పని రకం వాక్యం అది. ఎవరికి పరీక్ష చేస్తున్నాం అన్నదాన్ని బట్టే దాని విలువ.

ఇక ఆ మార్కర్ల సంగతి. సీఈఏ అనే మార్కరు పొగతాగేవాళ్ళలో ఏ జబ్బూ లేకుండానే కాస్త ఎక్కువ చూపిస్తుంది. మరి పెద్దమ్మకి ఏం చూపిస్తుందో ఊహించుకో. అండాశయ క్యాన్సర్ కోసం చూసే సీఏ 125 నెలసరి రోజుల్లో పెరుగుతుంది, గర్భసంచిలో మామూలు గడ్డలుంటే పెరుగుతుంది, పొట్టలో టీబీ ఉన్నా పెరుగుతుంది. ఇవన్నీ జబ్బు తేలినవాళ్ళకి మందు పనిచేస్తోందా లేదా చూడటానికి పనికొచ్చేవి. ఏ బాధా లేనివాళ్ళకి వల వేయడానికి కాదు. బ్రిటన్‌లో రెండు లక్షల మంది ఆడవాళ్ళని తీసుకుని, కొందరికి సీఏ 125, కొందరికి స్కాన్ ఏటా చేసి, పదహారేళ్ళ పాటు గమనించారు. అండాశయ క్యాన్సర్ చావులు తగ్గలేదని 2021లో తేల్చేశారు. అంత ఖర్చు పెట్టి "పనికిరాదు" అని ఒప్పుకోవడం కూడా నిజాయితీయే కదా.

థైరాయిడ్ స్కాన్ గురించైతే కొరియావాళ్ళని అడగాలి. దక్షిణ కొరియాలో 1999 నుంచి క్యాన్సర్ పరీక్షలు ప్రభుత్వమే మొదలుపెట్టింది. థైరాయిడ్ అందులో లేదు గానీ, ఇంకొంచెం డబ్బిస్తే మెడ స్కాన్ కూడా చేస్తామని ఆస్పత్రులు ఆశ పెట్టాయి. 2011 నాటికి థైరాయిడ్ క్యాన్సర్ కేసులు 1993తో పోలిస్తే పదిహేను రెట్లు! చావులు మాత్రం ఎక్కడివక్కడే. అంటే దొరికినవాటిలో చాలామటుకు ఆ మనిషిని ఏనాడూ ఏమీ చేయని గడ్డలన్నమాట. వాటికి గొంతు కోయించుకుని, జీవితాంతం మాత్రలు మింగుతూ, కొందరు గొంతు పోగొట్టుకుని బతుకుతున్నారు. తొందరగా పట్టుకుంటే మంచిదే అన్న మాట అన్ని క్యాన్సర్లకీ వర్తించదురా. కొన్నిటిని పట్టుకోకపోవడమే మేలు.

మరి పెద్దమ్మకి ఏం చేయించాలి అంటావు. నోరు చెప్పాను. రెండోది రొమ్ము, డాక్టరమ్మ చేత్తో చూస్తుంది. ముంబై బస్తీల్లో లక్షన్నర మంది ఆడవాళ్ళ మీద ఇరవై ఏళ్ళు చేశారు ఇది. యాభై దాటినవాళ్ళలో చావులు దాదాపు ముప్పై శాతం తగ్గాయి, చిన్నవాళ్ళలో తేడా కనబడలేదు. మామోగ్రామ్ కావాలంటే ఆవిడ చూశాక అడుగు.

మూడోది గర్భాశయ ముఖద్వారం పరీక్ష. దీన్ని ఇంట్లో ఎలా ఎత్తాలో తెలియక నువ్వు నీళ్ళు నములుతావని తెలుసు. మన దేశంలో ఏటా లక్షకి పైగా ఆడవాళ్ళకి ఈ క్యాన్సర్ వస్తోంది. ముందు తెలిస్తే ఇంత తేలిగ్గా ఆపగలిగే క్యాన్సర్ ఇంకోటి లేదు. ముంబైలోనే, పదో తరగతి చదివిన ఆడవాళ్ళకి కొన్ని వారాల శిక్షణ ఇచ్చి ఈ పరీక్ష చేయించారు. పలచని వెనిగర్ పూసి, ఒక్క నిమిషం ఆగి, తెల్లబడిందా లేదా చూడటం. అంతే పరీక్ష. చావులు 31 శాతం తగ్గాయి. మహారాష్ట్రలోనే ఉస్మానాబాద్ జిల్లాలో ఈ క్యాన్సర్ తెచ్చే హెచ్‌పీవీ వైరస్ పరీక్ష జీవితంలో ఒక్కసారి చేస్తేనే ఎనిమిదేళ్ళలో చావులు సగానికి పడిపోయాయి. నెలసరి ఆగిపోయిన వయసులో వెనిగర్ పరీక్ష సరిగ్గా కనబడదు, అందుకని పెద్దమ్మకి హెచ్‌పీవీ పరీక్ష అడుగు. ప్రభుత్వం లెక్క ముప్పై నుంచి అరవై అయిదేళ్ళ వరకు. ఆవిడకి అరవై మూడు కదా? లెక్కలోనే ఉంది. చెల్లెమ్మకి కూడా నలభై దాటింది, మర్చిపోకు. అత్తనీ కోడల్నీ ఒకే రోజు తీసుకెళితే ఒకరికొకరు తోడు.

ఈ పరిశోధనల్లో నాకు మింగుడుపడనిది కూడా చెప్పాలి. ముంబైలో సగంమందికి, ఉస్మానాబాద్‌లో కొందరికి పరీక్ష చేయకుండా జాగ్రత్తలు మాత్రమే చెప్పి పోల్చి చూశారు. వాళ్ళలోనూ ఆడవాళ్ళు చనిపోయారు. అది న్యాయమేనా అని చాలా గొడవ జరిగింది. అప్పటికి వాళ్ళకి ఎలాగూ ఏ పరీక్షా అందేది కాదు కదా అన్నది పరిశోధకుల మాట. ఆ మాట నాకు పూర్తిగా సరిపోదు. అలాగని ఆ ఫలితాల్ని పక్కన పెట్టలేను, రేపు చెల్లెమ్మకి చేయించమంటున్నది వాటి ఆధారంగానే.

పాప సంగతి. పదకొండో ఏడు వచ్చింది కదా, హెచ్‌పీవీ టీకా వయసు. ఖమ్మం పేరు చెప్పి మీ మావగారు భయపెడతారని ముందే ఊహించాను. ఆయన భయానికి కారణం లేకపోలేదు. 2009లో ఖమ్మం జిల్లాలో, భద్రాచలం వైపు, ఒక అమెరికా సంస్థ, కేంద్ర వైద్య పరిశోధన మండలి అయిన ఐసీఎంఆర్‌తో కలిసి ఈ టీకా వేసింది. హాస్టల్ పిల్లలకి తల్లిదండ్రుల బదులు వార్డెన్ల చేత సంతకాలు పెట్టించారు. కొందరు పిల్లలు చనిపోవడంతో 2010 ఏప్రిల్లో అంతా ఆపేశారు. విచారణలో ఆ చావులకి టీకాతో సంబంధం లేదని తేలింది, అనుమతి తీసుకున్న పద్ధతి తప్పని కూడా తేలింది. 2013లో పార్లమెంటు కమిటీ బాగా కడిగేసింది. గిరిజన పిల్లలంటే ఎవరూ అడగరు అనుకున్నారు, అదే నాకు మండేది.

విచిత్రమేంటంటే, ఆ దెబ్బకి దేశంలో నడుస్తున్న ఇంకో అధ్యయనం కూడా ఆగిపోయింది. రెండు డోసులా మూడు డోసులా అని పోల్చడానికి మొదలుపెట్టిన అధ్యయనం అది. మధ్యలో ఆగడంతో వేలమంది అమ్మాయిలు ఒక్క డోసుతోనే మిగిలిపోయారు. వాళ్ళని వదిలేయకుండా పదేళ్ళు గమనిస్తే, ఒక్క డోసూ దాదాపు అంతే కాపాడుతోందని తేలింది. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒక్క డోసు చాలనడానికి ఆ అమ్మాయిలు కూడా ఒక కారణం. మీ పిల్లల డాక్టరు రెండంటే మాత్రం వాదించకు, రెండూ వేయించు. పాపకి ముందు అదేంటో చెప్పి వేయించు.

నీ గురించి కూడా ఒక ముక్క. అన్నం తిన్నాక నోట్లో వేసుకునే ఆ వక్కపొడి. పొగాకు లేదుగా అంటావు. పొగాకు లేకపోయినా వక్క ఒక్కటే క్యాన్సర్ కారకమని 2004లోనే తేల్చారు. అద్దం ముందు నిలబడి మూడు వేళ్ళు నిలువుగా నోట్లో పట్టించి చూడు. పట్టకపోతే నోరు బిగుసుకుపోతోందన్నమాట, వెంటనే ఫోన్ చెయ్యి, పట్టినా ఆ డబ్బా పారెయ్యి.

పెద్దమ్మని సంక్రాంతికి ఎలాగూ తెస్తావు కదా, నోరు నేనే చూస్తాను. మచ్చ కనబడితే చిన్న ముక్క తీసి పరీక్షకి పంపాలి, అది కూడా ఆవిడకి ముందే చెప్పు, ఏదో పళ్ళు కడిగిస్తానని మాయచేసి తీసుకురాకు. ఈలోగా ఆ ప్యాకేజీవాళ్ళకి అడ్వాన్సు కట్టి ఉంటే వెనక్కి అడుగు. కనుమ నాడు క్లినిక్ ఉండదు, మర్నాడు పొద్దున్నే రండి, టిఫిన్ మా ఇంట్లోనే.

నీ
బాబ్జీ