పెట్ట లేని నూరు పిల్లలు

చి.ల.సౌ. బిడ్డకు అమ్మ దీవించి రాసేది. ఇక్కడ నేను, మీ నాయిన మంచిగున్నం. అక్కడ అల్లుడు, మీ అత్తమ్మ, మామ, చిన్నోడు అందరు మంచిగున్నరని తలుస్త.

"అమ్మా, వచ్చే వారం నూరు కోడిపిల్లలు దిగుతున్నయి" అని మొన్న నువ్వు చెప్పినప్పటి నుంచి నాకు నిద్ర సరిగ పడతలేదు. సంతోషమే బిడ్డా, గని దాని పక్కనే భయం గూడ కూసున్నది. ఫోన్ల చెప్తె నువ్వు "ఊ, ఊ" అంటవు, అటు చిన్నోడు ఏడుస్తడు, సగం మాట గాలికి పోతది. అందుకే కాయితం మీద రాస్తున్న. షెడ్డు గోడకు అంటించుకో. ఇక్కడ మిర్చి ఏరుడు నడుస్తున్నది. కూలోళ్ళను ఇడిసిపెట్టి నర్సంపేట కెల్లి జమ్మికుంట దాక వచ్చే తీరు లేదు. లేకుంటె మొదటి రెండు రాత్రులు నేనే వచ్చి నీ దగ్గర కూసుందును.

ముందుగాల ఒక మాట. నేను కోళ్ళ నడుమ పుట్టి పెరిగినదాన్ని. మా అమ్మ పొదుగుకొచ్చిన పెట్టను ఎంచుకొని, గంపల వరిగడ్డి పరిచి, 11 గుడ్లు పెట్టి, మూల గదిల కూసోబెట్టేది. 21 రోజులకు పిల్లలు బయటికొచ్చేటివి. మనకు పనేమున్నది? నాలుగు నూకలు చల్లుడు, గద్ద కనపడితె కేకలేసుడు. అందుకే మొట్టమొదలు 60 వనరాజ పిల్లలను తెచ్చుకున్ననాడు "కోళ్ళు నాకు కొత్తనా" అనుకున్న. మా అమ్మ కాలంల ఆ పనంత చేసింది నేను కాదు, మా అమ్మ కాదు, పెట్ట చేసింది. ఆ సంగతి నాకు తెలిసేటాలకు చాన పిల్లలు పోయినయి.

నువ్వు తెచ్చేటివి గూడ వనరాజనే గద. అవి రాజేంద్రనగర్‌ల ఉన్న కేంద్ర ప్రభుత్వ కోళ్ళ పరిశోధన సంస్థల తయారైన జాతి. ఊరకోళ్ళ లెక్క రంగురంగులుంటయి, పెరట్ల ఏరుకొని తింటయి, ఊరకోడి కన్న గుడ్లు ఎక్కువ పెడ్తయి. గని పొదుగుకు కూసునే గుణం వాటికి లేనట్టే. అందుకే పిల్లలు మిషిన్లకెల్లి వస్తయి. తల్లి రెక్క ఎట్లుంటదో ఎరుగని పిల్లలు అవి. పెట్ట ఒంటి వేడి 106 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటి ఉంటది, మనకు ఆ వేడి వస్తె దవాఖానల పడుకోబెడ్తరు. ఆ కడుపు కింద దూరవలసిన పిల్లను మనం డబ్బలకెల్లి తీసి నేల మీద ఇడుస్తం. ఒంటి మీద నూగు తప్ప ఈకలు రాలేదు, తన వేడిని తను నిలుపుకునే తెలివి దాని ఒంటికి ఇంక రాలేదు. ఈకలు వచ్చేదాక ఆ వేడి మనమే ఇయ్యాలె.

వేడి సంగతి ముందు చెప్త. నూరు పిల్లలకు 200 వాట్ల వేడి కావాలె, అంటె పిల్లకు 2 వాట్లు. ఇప్పుడు ఇండ్లల్ల అన్ని ఎల్‌ఈడీ బల్బులే. వాటికి వెలుతురే గని సెగ ఉండదు, అవి పెడితె పిల్లలు వెలుతురుల సలికి సస్తయి. లోపల తీగ ఎర్రగ కాలే పాత గుండు బల్బులు అడిగి తెచ్చుకో. మీ దగ్గర దొరక్కపోతె హన్మకొండల కరెంటు సామాను దుకాణాలల్ల అడిగిపిస్త. ఒక్క పెద్ద బల్బు పెట్టకు, 60 వాట్లవి నాలుగు పెట్టు. నడిజాముల ఒకటి మాడిపోయినా మూడు కాల్తనే ఉంటయి. నేల నుంచి అడుగున్నర ఎత్తుల ఉండాలె. వైరుకు వేలాడదియ్యకు, ఇనుప గొలుసుకు కట్టు. ఊక మీద బల్బు తెగిపడితె షెడ్డే అంటుకుంటది. కిందికి మీదికి జరుపుకునేటందుకు గూడ గొలుసే మంచిది.

కింద రెండంగుళాల మందం ఎండిన ఊక పొయ్యి. దాని మీద పేపర్లు పరువు. పేపర్లు ఎందుకంటె మొదటి రోజు పిల్లలకు దాణా ఏదో ఊక ఏదో తెల్వది, ఊకనే తిని కడుపు బిగుసుకుంటయి. నున్నగ మెరిసే కాయితం వద్దు, కాళ్ళు జారి పక్కకు చీలుకపోతయి, ఆ పిల్ల మళ్ళ సరిగ నిలవడది. మూడు రోజులైనంక పేపర్లు తీసెయ్యి.

చుట్టు అడుగున్నర ఎత్తు రేకు కట్టు. మొదలు 6 అడుగుల వెడల్పుతోని గుండ్రంగ ఉంటె చాలు, దానికి 20 అడుగుల రేకు పడ్తది. నా దగ్గరున్న జింకు రేకు అన్నతోని పంపుతున్న. గుండ్రంగనే ఉండాలె బిడ్డా, ఇది మరువకు. చలైతె, భయమైతె పిల్లలన్ని ఒక మూలకు ఉరుకుతయి, ఒకదాని మీద ఒకటి ఎక్కుతయి, అడుగునున్నయి ఊపిరాడక పోతయి. మూలనే లేకుంటె గుంపయ్యే జాగనే ఉండది. రోజులు గడిచిన కొద్ది రేకును వెనుకకు జరుపుకుంట పోవాలె.

పిల్లలు రాకముందు ఒక రోజంత బల్బులు ఎలగనియ్యి. గాలి వేడెక్కుడు ఒక గంట పని, ఊక వేడెక్కుడు ఒక దినం పని. ఈ చలిల సల్లని ఊక మీద అడుగు పెట్టిన పిల్ల కాళ్ళకెల్లి సలి ఎక్కుతది. థర్మామీటరు పిల్లల వీపు ఎత్తుల, అంటె ఊకకు రెండంగుళాల మీద, బల్బుల వెలుతురు పడే జాగ అంచుల పెట్టు. మొదటి వారం 95 డిగ్రీలు చూపాలె. వారానికి 5 డిగ్రీలు తగ్గించుకుంట పోవాలె. ఎండాకాలమైతె రెండు వారాలకే బల్బు తీసేస్తం, ఈ చలికి నాలుగైదు వారాలన్న పడ్తది.

ఇగ పిల్లలు వచ్చిన ఘడియ. డబ్బల నోరు తెరవంగనే ముందు దాణా పెట్టకు, నీళ్ళు. గుడ్డుల మిగిలిన పచ్చసొన పిల్ల కడుపుల ఉంటది, దాని మీదనే అది రెండు రోజులు బతుకుతది, అందుకే అంత దూరం కెల్లి తిండి లేకుంట రాగలుగుతది. గని దూప ఆగదు. కాచి చల్లార్చిన గోరువెచ్చని నీళ్ళల్ల లీటరుకు 50 గ్రాముల బెల్లం కలుపు, ఆ ఒక్క పూటకే. మేడారం నుంచి తెచ్చిన బంగారం ఇంట్ల మిగిలి ఉంటె అదే వెయ్యి. సమ్మక్క సారలమ్మల బెల్లం నోరు లేని పిల్లల మొదటి గుటకకు పోతె తప్పేం లేదు.

ఒక్కో పిల్లను చేతిలకు తీసుకొని ముక్కు కొన నీళ్ళల్ల ముంచి ఇడువు. నూటికి నూరు. నడుము నొస్తది, అయినా చెయ్యాలె. ముంచినప్పుడు అది తల పైకెత్తి గుటక వేస్తది చూడు, ఆ గుటక చూడనిదే కింద ఇడువకు. నీళ్ళ గిన్నెలల్ల చిన్న గులకరాళ్ళు వెయ్యి, లేకుంటె అందుల పడి మునుగుతయి. గిన్నెలు బల్బు కింద పెట్టకు, నీళ్ళు వేడెక్కితె తాగయి.

రెండు మూడు గంటలైనంక సన్నటి మక్క రవ్వ పేపర్ల మీద చల్లు. ఇప్పుడు నువ్వు చేసే పని ఉన్నది. చూపుడు వేలు వంచి, రవ్వ మీద గోటితోని టుక్ టుక్ మని కొట్టు. పిల్లలు ఉరికొచ్చి నీ గోటి పక్కన పొడుస్తయి. మా అమ్మ పెరట్ల పెట్ట గింజను ముక్కుతోని కొట్టి, ఎత్తి, మళ్ళ కింద ఇడిసి, గొంతులనే పిలుస్తుండె. చిన్నప్పుడు అది ఆడుకుంటున్నదనుకున్న. పిల్లలకు తినుడు నేర్పుతున్నదని నాకు 40 ఏండ్లు దాటినంక, పేపరు మీద వేలు పెట్టినంక తెలిసింది. నాలుగు పిల్లలు నేర్చుకుంటె చాలు, మిగిలినయి వాటిని చూసి తింటయి. రెండో రోజు నుంచి చిక్ స్టార్టర్ దాణా గుడ్ల అట్టలల్ల పొయ్యి, మొదటి వారం పిల్లకు రోజుకు 10 గ్రాముల లెక్కన.

ఆ రాత్రి పండుకునే ముందట పది పన్నెండు పిల్లలను పట్టుకొని మెడ కింద దాణా సంచిని వేళ్ళతోని ఒత్తి చూడు. మెత్తగ నిండుగ ఉంటె తిని తాగింది. గట్టిగ ఉంటె తిన్నది గని నీళ్ళు దొరకలే. ఖాళీగ ఉంటె దానికి ఏదీ దొరకలే, దాన్ని మళ్ళ నీళ్ళ దగ్గరికి తీసుకపో. తరువాత దాని కాళ్ళు నీ చెంపకు ఆనించు. ఇది మామునూరు వెటర్నరీ కాలేజీల చదివే ఒక పిల్లగాడు మన ఊరికి వచ్చినప్పుడు చెప్పిండు. కాళ్ళు సల్లగ తగిలితె పిల్లకు వేడి సాలతలేదు. ఆ పిల్లగాడు చేసి చూపెడుతుంటె నాకు మీ అమ్మమ్మ యాదికొచ్చింది. నువ్వు పసిగుడ్డుగ ఉన్నప్పుడు ఆమె నీ అరికాళ్ళు గిట్లనే చెంపకు ఆనించి చూసి, ఇంకో గుడ్డ చుట్టేది.

థర్మామీటరు మీద ఊకె కన్ను పెట్టకు, పిల్లలను చూడు. అన్ని బల్బు కింద ముద్దయితె చలి, బల్బులు కిందికి దించు. అన్ని రేకు దగ్గరికి పోయి రెక్కలు జార్చి నోరు తెరిస్తె వేడెక్కువ, పైకెత్తు. అన్ని ఒకటే పక్కకు చేరితె అవుతలి పక్క కెల్లి గాలి కొడుతున్నది, ఆ దిక్కు గోనెపట్ట కట్టు. చల్లిన గింజల లెక్క అంతట ఉండి, కొన్ని తినుకుంట, కొన్ని కాళ్ళు చాపి పండుకుంటె సరిగ్గ ఉన్నది. చాపుకొని పండుకున్నదాన్ని మొదటిసారి చూసి నేను సచ్చిందనుకొని ఎత్తుకున్న, అది లేచి అరిచింది.

ఇప్పుడు రాయవలసిన మాట ఒకటున్నది, ఇన్నేండ్లు మీ నాయినకు తప్ప ఎవ్వరికి చెప్పలే. నువ్వు హాస్టల్‌ల ఉన్నప్పటి సంగతి. రెండోసారి 60 పిల్లలు తెచ్చిన. ఐదో రోజు రాత్రి కరెంటు పోయింది. ఎముకలల్ల దూరే చలి. ఎంతకు రాకపోయేటాలకు కుంపటిల బొగ్గులు రాజేసి, పిల్లలున్న గదిల పెట్టి, తలుపులు కిటికీలు మూసి, సందులల్ల గోనెసంచులు కుక్కిన. మంచి పని చేసిన్ననుకొని పండుకున్న. తెల్లారి తలుపు తీస్తె చప్పుడు లేదు. 43 పిల్లలు పండుకున్నట్టే ఉన్నయి. ఒంటి మీద గాటు లేదు, రక్తం లేదు. డాక్టరు సారు వచ్చి చూసి, అది బొగ్గు విషవాయువు, కంటికి కనపడది, ముక్కుకు తెల్వది, గాలాడని గదిల మనుషులనైనా తీస్తది అన్నడు. ఆ రాత్రి నేను గూడ ఆ గదిల పండుకుందునని గొంగడి గూడ తీసిన. మీ నాయిన దగ్గుతున్నడని లోపలికి పోయిన.

అందుకని కరెంటు పోతె కుంపటి జోలికి పోకు. రెండు స్టీలు బిందెలల్ల కాగే నీళ్ళు పోసి, మూత బిగించి, గోనెపట్ట చుట్టి రేకు లోపల పెట్టు, పిల్లలు దాన్ని ఆనుకొని పండుకుంటయి. రేకును దగ్గరికి జరిపి జాగ తగ్గించు. పైన సగం మేర గుడ్డ కప్పు, సగం ఇడిసిపెట్టు. రెండు గంటలకోసారి నీళ్ళు మార్చు. అల్లుణ్ణి గూడ లేపు, ఒక్కదానివే కూసోకు.

మిగిలినయి చిన్నయి. నీళ్ళ గిన్నె చుట్టు ఊక తడిస్తె తీసి పొడిది వెయ్యి. పొద్దున పోంగనే మోకాళ్ళ మీద కూసొని ముక్కు ఊక దగ్గర పెట్టి చూడు, నీ కండ్లు మండితె వాటి కండ్లు గూడ మండుతున్నయి. ముడ్డికి రెట్ట అంటి ఎండితె గుంజకు, గోరువెచ్చని నీళ్ళల్ల దూదితోని నానబెట్టి తుడువు. పందికొక్కుల బొరియలుంటె ముందే పూడ్పించు, కిటికీలకు సన్న జాలి కొట్టించు. కాళ్ళు రెక్కలు పడిపోయే మారెక్స్ రోగానికి టీకా, పిల్లలను మిషిన్ల పొదిగించే హ్యాచరీలనే మొదటి రోజు వేయాలె, వేసిన్రా లేదా అడుగు. 7వ రోజు కొక్కెర రోగానికి లసోటా టీకా చుక్క కంట్ల, 14వ రోజు గంబోరో రోగానికి టీకా. టీకా మందును ఐస్ పెట్టిన ఫ్లాస్కుల తీసుకురా, ఎండ తగలనియ్యకు, చుక్క వేసినంక పిల్ల కన్ను మూసి తెరిచేదాక పట్టుకో.

పిల్లలు దిగిన రాత్రి, బల్బులు సరిజేసి అంత సద్దుమణిగినంక నాకు ఫోన్ చెయ్యి. ఎంత రాత్రైనా సరే. నువ్వేం మాట్లాడకు, ఫోన్ రేకు లోపలికి పట్టుకో. చలికి అరిచేది సన్నగ, గట్టిగ, ఆగకుంట ఉంటది. కడుపు నిండి వెచ్చగున్నప్పుడు లోలోపల గొణిగినట్టు ఉంటది. ఏదైందో నాకు ఇక్కడికి తెలుస్తది.

మీ అమ్మ