బందరు కానుకగా పోలేదు: పర్యాటక, సాంస్కృతిక శాఖల మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి,

నల్లగొండ, సూర్యాపేట జిల్లాల్లో చరిత్ర పాఠాలు చెప్పేవాళ్ళం, పాత కాగితాలు, పాత బాటలు వెదికేవాళ్ళం కలిసి రాస్తున్న లేఖ ఇది. గోలకొండ నుంచి మచిలీపట్నం దాకా మా జిల్లాల మీదుగా నడిచిన బందరు (మచిలీపట్నం) బాట చరిత్ర చెప్పడానికి మీ శాఖ పెట్టబోయే ఫలకాల సంగతి తమకు తెలుసు. అందుకే ఆ పథకం వివరాలు మళ్ళీ రాయడం లేదు. ఫలకం మీద చెక్కించడానికి సిద్ధం చేసిన రాతప్రతి తప్పుల తడకగా ఉంది. తప్పులు చూపిస్తూ ఇచ్చిన కాగితాల మీద ముద్రలు పడ్డాయి, జవాబు మాత్రం రాలేదు. రాయి మీద ఉలి పడ్డాక దిద్దడం ఎవరి తరమూ కాదు కాబట్టి ఇప్పుడు అందరి ముందూ అడుగుతున్నాం.

ఆ రాతప్రతిలో ఒక వాక్యం ఇది: ‘1759లో నిజాం మచిలీపట్నాన్ని బ్రిటిషువారికి బహుమతిగా ఇచ్చాడు.’ అయ్యా, బందరు బహుమతిగా పోలేదు. ఫిరంగులు పెట్టి తీసుకున్నారు. ఆ యుద్ధానికి పోయిన సైన్యాలకూ వచ్చిన సైన్యాలకూ మా ఊళ్ళే బాట అయ్యాయి. ఒక్క మాటతో అదంతా తుడిచిపెట్టుకుపోతుంది.

జరిగిన క్రమం ఇది. 1748లో మొదటి నిజాం పోయాక గద్దె కోసం కొట్లాట మొదలైంది. ఆయన కొడుకు నాసిర్ జంగ్ బందరులో ఫ్రెంచివాళ్ళ కోఠీని (వ్యాపార కేంద్రాన్ని) స్వాధీనం చేసుకుంటే, పుదుచ్చేరి నుంచి ఫ్రెంచి గవర్నరు డూప్లే ఓడల మీద సైన్యాన్ని పంపించాడు. 1750 జులైలో రాత్రికి రాత్రే ఊరు ఫ్రెంచివాళ్ళ చేతికి పోయింది. ఆ డిసెంబరులోనే నాసిర్ జంగ్ హత్య జరిగింది. ఫ్రెంచివాళ్ళ అండతో గద్దెనెక్కినవాళ్ళు, వాళ్ళు పట్టుకున్నదానికి సనదులు (హక్కు పత్రాలు) రాసిచ్చారు. 1753లో, అప్పటికి హైదరాబాదు గద్దె మీదున్న సలాబత్ జంగ్, ఫ్రెంచి సేనాని బుస్సీ సైన్యం జీతాల కింద ఏలూరు, ముస్తఫానగరం, రాజమండ్రి, శ్రీకాకుళం సర్కార్లను (జిల్లాల వంటివి) అప్పగించాడు. అంటే బందరు రేవు, దాని వెనకనున్న నేల, ఆ నేల శిస్తు మూడూ ఒకే చేతిలో పడ్డాయి. హైదరాబాదులో ఫ్రెంచి సైన్యం నిలబడింది ఆ డబ్బుతోనే.

ఇక 1756. రాతప్రతిలో ఈ ఏడు ఊసే లేదు. మా జిల్లాకు అన్నిటికన్నా దగ్గరి సంగతి ఇదే. సలాబత్ జంగ్ బుస్సీని కొలువు నుంచి తీసేశాడు. బుస్సీ హైదరాబాదులో చార్‌మహల్‌లో చేరి మోర్చాలు కట్టుకుని కూర్చున్నాడు. అతనికి సాయంగా లా అనే సేనాని సుమారు 160 మంది యూరోపియన్లు, 700 మంది సిపాయిలు, 5 ఫిరంగులతో బందరు నుంచి బయల్దేరాడు. వానాకాలం. బాట నల్లరేగడిలో దిగబడుతుంది. హైదరాబాదు ఇంకా 50 మైళ్ళుందనగా కొండల నడుమ నిజాం సేనలు అతన్ని అడ్డుకున్నాయి. చెట్ల చాటునుంచి తుపాకులు, మైదానంలోకి వస్తే గుర్రపు దండు. లా ఆగస్టు నడిమికి హైదరాబాదు చేరాడు, ఆ వెంటనే రాజీ కుదిరింది. 50 మైళ్ళ లెక్క వేస్తే ఆ చోటు మా జిల్లా నేలలోనే పడుతుంది. బందరు కోసం జరిగిన కొట్లాట సముద్రం ఒడ్డునే ముగియలేదని చెప్పడానికి ఇంతకన్నా ఏం కావాలి? ఫలకం మీద దీనికి రెండు పంక్తులు ఇవ్వండి.

1758లో బుస్సీని ఫ్రెంచి సేనాధిపతి లాలీ దక్షిణానికి పిలిపించుకున్నాడు. సర్కార్లు మరో ఫ్రెంచి సేనాని కాన్‌ఫ్లాన్స్ చేతికి వచ్చాయి. విజయనగరం రాజు ఆనంద గజపతి ఫ్రెంచివాళ్ళ మీద తిరగబడి బెంగాలులోని ఇంగ్లీషువాళ్ళకు కబురు పెట్టాడు. కల్నల్ ఫోర్డ్ దిగాడు. డిసెంబరులో చందుర్తి దగ్గర ఫ్రెంచివాళ్ళు ఓడారు. రాజుకూ ఫోర్డ్‌కూ డబ్బు దగ్గర తగాదా వచ్చి వారాలు గడిచిపోయాయి. ఫోర్డ్ 1759 మార్చి 6న బందరు ముందుకు చేరాడు.

బందరు కోట ఊళ్ళో లేదు. ఊరికి మైలున్నర అవతల, చుట్టూ చిత్తడి నేల, ఉప్పుటేరు, నీళ్ళు నిండిన కందకం. ముట్టడి వేసినవాడికి పొడి నేల దొరికేది కొద్దిచోట్లే. లోపల సుమారు 500 మంది యూరోపియన్లు, 2,000కు పైగా సిపాయిలు ఉన్నారు. బయట ఉన్నవాళ్ళు అంతకన్నా తక్కువ. ఫోర్డ్ సైనికులు జీతం, దోపిడీ వాటా తేల్చకపోతే వెళ్ళిపోతామని ఎదురుతిరిగారు. వెనకనుంచి సలాబత్ జంగ్ పెద్ద సైన్యంతో బెజవాడ దాకా వచ్చేశాడు. ఏప్రిల్ 7 నాటికి ఫోర్డ్ దగ్గర మిగిలిన మందుగుండు రెండు రోజులకు సరిపడేంతే. ఆ రాత్రి ఆటు వేళ, కందకంలో నీళ్ళు తగ్గే సమయం చూసుకుని దాడికి దిగాడు. నైరుతి మూల చిత్తడిలో స్థానికులు నడిచే జాడ పట్టుకుని ఫోర్డ్ కింది అధికారి నాక్స్ దళం ఉత్తుత్తి దాడి చేసింది. అసలు దాడి ఈశాన్యం వైపు, ఫిరంగి దెబ్బలకు విరిగిన బురుజుల మీద. తెల్లారేసరికి కాన్‌ఫ్లాన్స్ లొంగిపోయాడు. పట్టినవాళ్ళకన్నా పట్టుబడ్డవాళ్ళే ఎక్కువ. ఫిరంగులే సుమారు 120 దొరికాయి. వారం తిరిగాక ఫ్రెంచి సాయం ఓడల్లో వచ్చింది. అప్పటికే కోట మీద జెండా మారింది.

సలాబత్ జంగ్ మే 14న సంతకం పెట్టింది ఇంత జరిగాక. బందరు సర్కారు, నిజాంపట్నం ఇంగ్లీషువాళ్ళకు రాసిచ్చి, ఫ్రెంచివాళ్ళు 15 రోజుల్లో కృష్ణ దాటి పోవాలని ఒప్పుకున్నాడు. ఆ కాగితంలో ‘ఇనాము’ అనే మాట ఉంది కాబట్టి బహుమతి అని రాశారేమో. పోయిన కోటను కాగితం మీద ఒప్పుకోవడాన్ని బహుమతి అనకూడదు. ఇంకో సంగతి. సలాబత్ జంగ్‌ను తరువాతి వరుసలో నిజాంల లెక్కలో చేర్చరు. అతన్ని 1762లో దించింది తమ్ముడు నిజాం అలీ. రాతప్రతిలో 1759 పక్కన నిజాం అలీ పేరు రాశారు. పదో తరగతి పిల్లవాడైనా ఇది పట్టుకుంటాడు.

మిగతా సర్కార్లు పోయిన తీరు కూడా రెండు ముక్కల్లో చెప్పొచ్చు. 1765లో ఇంగ్లీషువాళ్ళు మొగల్ బాదుషా షా ఆలం దగ్గర ఫర్మానా తెచ్చుకున్నారు. 1766 నవంబరు 12న నిజాం అలీతో ఒప్పందం చేసుకుని ఏటా పేష్‌కష్ (కప్పం) కడతామన్నారు. గుంటూరు 1788లో వాళ్ళ చేతికి పోయింది. ఆపైన హైదరాబాదుకు సముద్రం లేదు. 1802 వాణిజ్య ఒప్పందంలో బందరు రేవు వాడుకునే హక్కు, అక్కడ కోఠీ పెట్టుకునే హక్కు నిజాంకు రాసిచ్చారు. ఒకప్పుడు తమదైన రేవులో కోఠీ కోసం ఒప్పందం రాయించుకోవలసిన స్థితి అది. 1805లో మద్రాసు ప్రెసిడెన్సీలో ఉప్పు మొత్తం కంపెనీ గుత్తాధిపత్యం కిందికి పోయింది. తెలంగాణకు కోస్తా ఉప్పు మోసుకొచ్చింది లంబాడీల ఎడ్లు. దేవరకొండ తండాల పెద్దల ముందు తరాలవాళ్ళు నడిచిన బాట అది. ఫలకం మీద రాజులు, కల్నళ్ళు ఉన్నారు, లంబాడీలు లేరు. వాళ్ళ మాట చేర్చమని ప్రాధేయపడుతున్నాం.

రాతప్రతి చివర ‘బ్రిటిషు పాలనలో బందరు మహా రేవుగా ఎదిగింది’ అని ఉంది. ఇది తలకిందులు. బందరు పెద్ద రేవుగా వెలిగింది కుతుబ్‌షాహీల కాలంలో. డచ్చివాళ్ళు 1606 నాటికి, ఇంగ్లీషువాళ్ళు 1611లో, ఫ్రెంచివాళ్ళు 1669లో వచ్చి కోఠీలు పెట్టుకున్నది అప్పుడే. 1686లో బాకీల గొడవతో డచ్చివాళ్ళు ఊరిని ఆక్రమించారు కూడా. బ్రిటిషు కాలంలో వ్యాపారం మద్రాసుకు, తరువాత కాకినాడకు, విశాఖకు జరిగిపోయింది. ఓడలు ఒడ్డుకు దూరంగా లంగరు వేసి సరుకును పడవల్లో దించుకోవలసిన రేవు, అందులో ఇసుక మేట. 1864 నవంబరు 1 ఉప్పెనలో సుమారు 30,000 మంది చనిపోయారు. ఆ తరువాత దండును కూడా అక్కడినుంచి తీసేశారు.

ఇక ఊళ్ళ పేర్లు. గోలకొండ నుంచి బందరుకు నేరుగా 100 కోసులని (కోసు పాత దూరపు కొలత), కొల్లూరు వజ్రాల గని మీదుగా అయితే 112 కోసులని ఫ్రెంచి వజ్రాల వర్తకుడు టావెర్నియర్ రాశాడు. గని బాటలో అతను చెప్పిన మజిలీల్లో పతెంగి అంటే చౌటుప్పల్ దగ్గరి పంతంగి, పెంగెల్ అంటే పానగల్లు, నాగెల్పర్ అంటే నాగులపాడు, లకబరోన్ అంటే లక్కవరం అని పోల్చుకోవచ్చు. కొల్లూరు ఇవాళ పులిచింతల జలాశయం నీళ్ళ కింద ఉంది. ఫలకాలు పెట్టవలసింది ఈ ఊళ్ళలో. రాతప్రతిలో ఉన్నట్టు అన్నీ టోల్‌గేట్ల దగ్గర పెడితే కారు ఆపి చదివేవాడు ఉండడు.

ఫలకం ఎలా చేయాలో కూడా విన్నవించుకుంటాం. ఫ్లెక్సీ వద్దు, రెండు ఎండాకాలాలకు రంగు పోతుంది. రేకు మీద రంగు రాత కూడా తుప్పు పట్టి పొట్టు లేస్తుంది. నల్లరాయి పలక మీద లోతుగా చెక్కించి, అక్షరాల్లో తెల్ల రంగు నింపాలి. తెలుగు ఒత్తులు కనపడాలంటే అక్షరం అంగుళానికి తగ్గకూడదు. అంటే పలకకు 120 మాటలు మించి పట్టవు, అందుకే ప్రతి మాటా నిజమై ఉండాలి. పలకను కొంచెం వెనక్కి వాల్చి నిలబెడితే వాన నీరు నిలవదు. తెలుగు, ఉర్దూ, ఇంగ్లీషు మూడూ ఉండాలి, ఉర్దూ రాతను చదవగలిగినవాళ్ళతో చూపించాకే చెక్కించాలి.

అన్నిటికన్నా తొందరైనది బావుల సంగతి. రహదారిని ఆరు వరుసలకు పెంచే మాట నడుస్తోంది. బాట పక్కన మిగిలిన పాత దిగుడు బావులు, సరాయి గోడల మొదళ్ళు పహాణీలో సర్కారీ భూమి అనో, పోరంబోకు అనో ఉంటాయి. భూసేకరణ లెక్కలో వాటికి పరిహారం అడిగే పట్టాదారు ఉండడు కాబట్టి మొరం పోసి పూడ్చేయడం తేలిక. పని మొదలుకాక ముందే తహసీల్దార్, రహదారి ఇంజనీరు, పురావస్తు శాఖ మనిషి ముగ్గురూ కలిసి గ్రామ నక్షా, సేత్వార్ (పాత సర్వే రికార్డు) పట్టుకుని బాట వెంట నడవాలి. పాత బండ్ల బాట నక్షాలో జంట గీతలుగా కనపడుతుంది. ఆ గీతలకు ఆనుకుని ఉన్న ప్రతి బావినీ కొలిచి, ఫోటో తీసి, 2017 వారసత్వ చట్టం కింద రక్షణకు ప్రతిపాదించాలి. మా దగ్గరున్న పట్టీ, కొలతలు ఇవ్వడానికి సిద్ధంగా ఉన్నాం. అడిగితే చాలు.

బాగుచేసేటప్పుడు రెండు తప్పులు జరుగుతుంటాయి. మొదటిది, మోటార్లు పెట్టి నీళ్ళన్నీ ఒక్కరోజులో తోడేయడం. గోడ వెనక మట్టి నాని ఉంటుంది, ఎదురుగా ఆనుకుని ఉన్న నీళ్ళు ఒక్కసారి తగ్గితే ఆ మట్టి ఒత్తిడికి రాతికట్టు లోపలికి కూలుతుంది. కొద్దికొద్దిగా తోడుతూ, గోడను చూసుకుంటూ దిగాలి. రెండవది, సందుల్లో సిమెంటు కూరడం. సిమెంటు గట్టిదే, కానీ లోపలి తేమను బయటకు పోనివ్వదు. తేమ రాతిలోంచి దారి వెదుక్కుంటుంది, ఉప్పు పేరుకుని రాయి ముఖం పొరలుగా రాలుతుంది. కట్టింది సున్నంతో కాబట్టి సున్నమే వాడాలి. రాతి సున్నాన్ని కనీసం రెండు మూడు వారాలు నీళ్ళలో నానబెట్టి, ఒక పాలు సున్నానికి రెండు మూడు పాళ్ళ ఇసుక, ఇటుక పొడి కలిపి గానుగలో తిప్పాలి. రావి మొక్కలను పైపైన కోస్తే మళ్ళీ చిగురిస్తాయి. వేరును పూర్తిగా చంపాకే రాయి కదిలించాలి.

పానగల్లు మ్యూజియంలో ఒక గది బందరు బాటకు ఇవ్వండి. అందులో బందరు కోట నమూనా ఒకటి, చిత్తడి ఎక్కడ, కందకం ఎక్కడ, దాడి ఎటునుంచి జరిగిందో పిల్లలకు తెలిసేట్టు. మజిలీల పటం ఒకటి. ఒప్పందాల నకళ్ళు, తెలుగు అనువాదంతో.

చివరిగా మా మొర. ఆ రాతప్రతిని శిల్పి దగ్గరికి పంపే ఉత్తర్వు మీద మీ సంతకం పడక ముందు ఆపించండి. ఇద్దరు ముగ్గురు చరిత్ర అధ్యాపకులతో, ఒక ఉర్దూ పండితుడితో చదివించి దిద్దించండి. దిద్దిన ప్రతిని ఒకసారి మాకు చూపించండి. బహుమతి అన్న మాట తీసేసి, ఆ చోట ‘1759 ఏప్రిల్ 7–8 రాత్రి ముట్టడిలో ఇంగ్లీషువారు పట్టుకున్నారు’ అని రాయించండి.

ఇట్లు,
నల్లగొండ, సూర్యాపేట జిల్లాల చరిత్ర ఉపాధ్యాయులు, పరిశోధకులు