కిట్టు మార్చిన చైన్‌సాలు మళ్ళీ ఎందుకు ఆగాయి, ఇకమీదట మన షాపులో ఏం మారుతోంది

నమస్కారమండి. కోత మిషన్లు మన షాపుకి తెచ్చే కొబ్బరి రైతులకి, చెట్లు కొట్టే మేస్త్రీలకి, టింబర్ డిపోల వాళ్ళకి, ఏటి అవతల నుంచి వచ్చే నర్సరీ వాళ్ళకి ఈ విషయం నేనే చెప్పాలని రాస్తున్నాను.

ఈ సీజన్లో కార్బురేటర్ కిట్టు (ఇంజనుకి పెట్రోలు అందించే భాగంలో వేసే రబ్బరు పొర లాంటి చిన్న సామాన్లు) మార్చి మీకిచ్చిన చైన్‌సాలు చాలావరకు కొద్ది వారాలకే మళ్ళీ మొరాయించాయి. కొందరు తిరిగి తెచ్చారు. కొందరు విసిగిపోయి ఇంకో చోటికి వెళ్ళారు. కొందరు నన్ను ఏమీ అనలేక మిషను మూల పడేశారని తర్వాత తెలిసింది. కారణం ఇప్పుడు ఖాయంగా దొరికింది. ఆ కిట్లలో వచ్చిన రబ్బరు పొర నాసిరకం. ఆ కిట్టు పడిన ప్రతి మిషనూ వెనక్కి తీసుకుని, డబ్బు తీసుకోకుండా బాగుచేసి ఇస్తాను. మీకు కావలసిన ముఖ్యమైన మాట ఇదే. మిగతాది ఎందుకు చెబుతున్నానంటే, ఇన్నేళ్ళుగా నమ్మి వస్తున్నవాళ్ళకి లోపల ఏం జరిగిందో తెలియాలి.

2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుఫాను నరసాపురం దగ్గర తీరం దాటింది. తెల్లారేసరికి ఎక్కడ చూసినా దారికడ్డంగా చెట్లు, కరెంటు తీగల మీద కొమ్మలు. కోత మిషనుకి ఏడాది మొత్తంలో అసలైన అవసరం వచ్చేది అలాంటి రోజునే. సరిగ్గా అప్పుడే ఫోన్లు మొదలయ్యాయి. అందరిదీ ఒకటే ఫిర్యాదు: తాడు లాగితే స్టార్ట్ అవుతోంది, స్లోలో బాగానే నిలబడుతోంది, బారు (గొలుసు తిరిగే పొడవాటి పట్టీ) మానులో దించి రేసు ఇవ్వగానే ఊపిరాడనట్టు గింజుకుని ఆగిపోతోంది. రెండు మూడు మిషన్లయితే ఆగే ముందు గట్టిగా కీచుమని అరిచి, పిస్టన్ పట్టేసి, ఇక తాడు కూడా కదల్లేదు.

ఇలా రేసులో ఆగిపోయే మిషనుని చూడటానికి ఒక వరస ఉంది. ముందు పాత పెట్రోలు పారబోసి కొత్తగా కలిపినది పోస్తాం. తర్వాత టాంకులో వేలాడే ఫిల్టరు, టాంకు మూతకో పక్కనో ఉండే గాలి రంధ్రం. ఆ రంధ్రం మూసుకుపోతే లోపల గాలి చాలక పెట్రోలు రాదు. మూత కాస్త వదులు చేసి చూస్తే తేలిపోతుంది. ఆ తర్వాత ఎయిర్ ఫిల్టరు, సైలెన్సరులో మసి పట్టే జాలీ, ప్లగ్గు. చివరికి క్రాంకు నుంచి కార్బురేటరుకి ఒత్తిడి అందించే చిన్న గొట్టం, సీళ్ళు. ఇవన్నీ ఒక్కో మిషనుకీ చూశాను. ఏ ఒక్కదాంట్లోనూ పట్టుకోదగ్గ తప్పు కనపడలేదు. రేసులో పెట్రోలు ఎంత రావాలో సరిచేసే హెచ్ స్క్రూ కాస్త విప్పితే కొద్దిసేపు బాగుంటుంది, మర్నాటికి మళ్ళీ అంతే.

ఈలోపు సెంటర్లో టీ దగ్గర “ఆయనకి ట్యూనింగ్ పట్టు తప్పిందిరా” అనుకుంటున్నారని ఒకరు చెప్పారు. ఆ మాట నాకు చాలా బాధ కలిగించిందండి. 1996 నవంబరు తుఫానుకి కోనసీమలో కొబ్బరి తోటలు నేలమట్టమైనప్పుడు నేను కుర్రాణ్ణి. మానులు కొయ్యడానికి మనుషులు రంపాలతో రోజుల తరబడి తంటాలు పడటం చూసే ఈ పనిలోకి వచ్చాను. ఇంజను శబ్దం విని స్క్రూ ఎంత తిప్పాలో చెప్పగలను. అలాంటిది నా చేత్తో సరిచేసిన మిషను ఒకరి తోటలో ఆగిపోయిందంటే నాకు అన్నం సహించలేదు.

చివరికి ఒక మిషను స్క్రూలు ఏమాత్రం కదపకుండా కార్బురేటర్ మాత్రం విప్పి, నేను వేసిన పొర బయటికి తీసి చూశాను. కొత్తదిలా మెత్తగా వంగాల్సినది, ఎండిన తాటాకులా టపటపలాడుతోంది. అది తీసేసి కంపెనీ పొర వేశాను. అవే స్క్రూలు, అదే పెట్రోలు, అదే ప్లగ్గు. మిషను ఏ ఇబ్బందీ లేకుండా మాను కోసేసింది. తిరిగొచ్చిన మిగతా వాటినీ వరసగా విప్పాను. అన్నింట్లోనూ అదే పొర, అదే గట్టిదనం.

ఆ పొర చేసే పని చిన్నదే కానీ ప్రాణం అందులోనే ఉంది. ఇంజను పీల్చుకున్నప్పుడు ఈ పొర లోపలికి వంగి చిన్న మీటను నొక్కుతుంది. మీట నొక్కితే సూది లేచి పెట్రోలు వస్తుంది. పొర బిగుసుకుపోతే సూది పూర్తిగా లేవదు. స్లోలో కావలసింది కొంచెమే కాబట్టి ఏ తేడా తెలియదు. రేసులో పెట్రోలు చాలదు. ఇక్కడే అసలు ప్రమాదం. ఈ ఇంజనుకి విడిగా ఆయిల్ ఉండదు, పెట్రోల్లో కలిపిందే పిస్టనుకి తడి. పెట్రోలు తగ్గిందంటే ఆయిలూ తగ్గినట్టే. వేడెక్కి, సైలెన్సరు వైపు పిస్టన్ మీద నిలువు గీతలు పడి, చివరికి పట్టేస్తుంది. మీరు విన్న ఆ కీచు అరుపు అదే.

కిట్లు ఇచ్చిన హోల్‌సేల్ వ్యాపారి గురించి చెప్పాలి. పేరు రాయను. చాలా ఏళ్ళుగా ఆయన దగ్గరే సరుకు తెస్తున్నాను. అరువు ఇచ్చేవారు, పండక్కి లెక్క తేల్చుకునేవాళ్ళం. ఈసారి కూడా ఎప్పటి ప్యాకెట్టే, ఎప్పటి రంగే, ఎప్పటి ధరే. లోపలి సరుకు మాత్రం మారిపోయింది. గట్టిపడిన పొరలు ఒక కవర్లో పెట్టి తీసుకెళ్ళి ఆయన బల్ల మీద పెట్టాను. చేత్తో ముట్టుకోనైనా లేదు. “పెట్రోలే మారిపోయిందండి, ఇథనాల్ కలుపుతున్నారు, నన్నేం చెయ్యమంటారు” అన్నారు. మిగతా మెకానిక్కులెవరూ అడగటం లేదని, నేనొక్కణ్ణే రచ్చ చేస్తున్నానని కూడా అన్నారు.

పెట్రోలు మారిన మాట నిజమే. 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు 2023 ఫిబ్రవరిలో మొదలై ఇప్పుడు దేశమంతా వచ్చేసింది. చిన్న ఇంజన్ల మాన్యువల్స్ చాలావాటిలో ఇథనాల్ 10 శాతం దాటకూడదనే రాసి ఉంటుంది. ఇథనాల్ గాలిలో తేమని లాక్కుంటుంది, మన గోదావరి గాలిలో తేమకి కొదవా. రబ్బరు మీద దాని ప్రభావం ఉంటుంది, కాదనను. అందుకే ఆయన మాట ఊరికే కొట్టిపారెయ్యకుండా పరీక్ష చేశాను. రెండు ఊరగాయ సీసాల్లో ఒకే డబ్బాలోని పెట్రోలు పోసి, ఒకదాంట్లో ఆయన పొర, ఇంకోదాంట్లో కంపెనీ పొర వేసి మూతలు బిగించాను. కొన్నాళ్ళకి తీసి ఆరబెడితే కంపెనీది మెత్తగానే ఉంది. ఆయనది అంచులు ముడుచుకుని బిగుసుకుపోయింది. పెట్రోలు రెండింటికీ ఒకటే కదా. ఆ సీసాలు తీసుకుని మళ్ళీ వెళ్ళాను. మిగిలిన కిట్లు వెనక్కి తీసుకోవడానికి కూడా ఒప్పుకోలేదు. ఆయనకివ్వాల్సిన పాత బాకీ అణా పైసలతో కట్టేసి వచ్చాను. ఇక ఆ గడప తొక్కను.

దానివల్ల మీకు కలిగే ఇబ్బంది ఏమిటంటే, అరువు పోయింది. ఇప్పుడు సరుకు నగదు పెట్టి తేవాలి. కాబట్టి అన్ని మోడళ్ళ సామాన్లూ ఎప్పుడూ షాపులో ఉండవు. కొన్నింటికి రెండు మూడు రోజులు ఆగమంటాను. కంపెనీ కిట్టు ధర బజారు కిట్టుకి మూడు నాలుగు రెట్లు ఉంటుంది. ఆ తేడా మీద నేను లాభం వేసుకోను, కొన్న బిల్లు అడిగితే చూపిస్తాను. “ఇప్పటికి చవకది వేసెయ్యండి, తర్వాత చూద్దాం” అని మాత్రం నన్ను అడగొద్దు. ఎంత దగ్గరివాళ్ళు అడిగినా వెయ్యను.

నన్ను ఎక్కువ సతాయించింది పిస్టన్ల సంగతి. కిట్టు మార్చడం చిన్న ఖర్చు, అది నేను భరించడంలో ఆలోచించాల్సింది లేదు. పిస్టన్ పట్టేసిన మిషనుకి సిలిండరు, పిస్టన్ కలిపి సెట్టే మార్చాలి. అది పెద్ద ఖర్చు. వ్యాపారి పైసా ఇవ్వడు. మరి ఎవరు పెట్టుకోవాలి? ఆయిల్ తక్కువ కలిపినా పిస్టన్ అలాగే గీసుకుంటుంది. వచ్చిన మిషన్లలో ఒకటో రెండో అలా పోయినవి ఉండొచ్చు. విప్పి చూస్తే ప్రతిసారీ కచ్చితంగా విడదీసి చెప్పలేం. మా ఇంట్లో లెక్కలు చూసేది మా ఆవిడ. సగం మనం, సగం వాళ్ళు అంటే ఎవరూ తప్పుపట్టరని తను అంది. తోటి మెకానిక్కు ఒకాయన “కిట్టుకే నీ బాధ్యత, పిస్టనుకి కాదు” అన్నాడు. ఇద్దరి మాటల్లోనూ న్యాయం ఉంది. రాత్రిళ్ళు పడుకుని ఇదే తిప్పి తిప్పి ఆలోచించాను. సగం అంటే మీతో కూర్చుని బేరం ఆడాలి. ఆయిల్ ఎంత కలిపావు, డబ్బా ఏది అని అనుమానించి అడగాలి. రోజు కూలికి చెట్లు కొట్టుకునే మనిషిని, మిషను ఆగిపోయి అప్పటికే పని పోగొట్టుకున్నవాణ్ణి, నా షాపులో నిలబెట్టి అలా అడగడం నాకు ఇష్టం లేదు. అందుకని తేల్చేశాను. ఆ కిట్టు లోపల ఉండి పిస్టన్ పట్టేసిందంటే సెట్టు ఖర్చు మొత్తం నాది. ప్రశ్నలు లేవు. ఒకేసారి అన్నీ చెయ్యలేను కాబట్టి మిషను మీదే బతికేవాళ్ళవి ముందు, ఇంటి అవసరానికి ఉంచుకున్నవాళ్ళవి తర్వాత.

వేరే చోట స్క్రూలు తిప్పించుకున్నవాళ్ళు కూడా మొహమాటపడకండి. ఎవరు తిప్పినా నాకు అభ్యంతరం లేదు. కానీ ఒక్క సంగతి మాత్రం ఇవాళే చూసుకోండి. ఆగిపోకుండా ఉండాలని కొన్నింటికి స్లో బాగా పెంచేశారు. రేసు వదిలేసినా గొలుసు తిరుగుతూనే ఉందంటే ఆ మిషనుతో పని చెయ్యొద్దు. కాలు జారినా, మిషను పక్కకి ఒరిగినా ఆ గొలుసు మనిషి మీదికే వస్తుంది. నా దగ్గరికి రాకపోయినా ఫరవాలేదు, దగ్గర్లో ఎవరిచేతనైనా స్లో తగ్గించుకోండి.

పేరులేని చవక మిషన్ల సంగతి చాలామంది అడుగుతున్నారు. వాటిని చెయ్యనని నేను అనలేదు. పేరున్న కిట్టు కొలత సరిపోతే వేస్తాను, సరిపోకపోతే కార్బురేటరే మొత్తం మార్చాలి. అదీ నాణ్యమైనది దొరక్కపోతే ఆ ముక్క ముందే చెప్పి, మీరు సరేనంటేనే ముట్టుకుంటాను.

ఎంత మంచి పొర వేసినా ఈ పెట్రోల్లో దాని ఆయుష్షు మీ చేతుల్లో కొంత ఉంది. వారం పది రోజులకి సరిపడా మాత్రమే కలుపుకోండి. లీటరుకి ఆయిల్ ఎంతన్నది మీ మిషను పుస్తకం చెప్పినట్టే: 50కి 1 అంటే 20 మిల్లీలీటర్లు, 25కి 1 అంటే 40. కంటితో చూసి పొయ్యకండి, కొలగ్లాసు లేకపోతే మన షాపులో అడగండి, ఇస్తాను. కొన్నాళ్ళు మిషను పక్కన పెట్టేటప్పుడు టాంకు ఖాళీ చేసి, ఆగిపోయేదాకా స్లోలో తిరగనివ్వండి. టాంకులో నిలవ ఉన్న పెట్రోలు తేమ బాగా పీల్చుకుంటే నీళ్ళు, ఇథనాల్ కలిసి అడుక్కి దిగిపోతాయి. ఫిల్టరు ఉండేది అడుగునే. ఆయిల్ పైన ఉండిపోయి, ఇంజను ఆ నీళ్ళు పీల్చుకుంటుంది.

ఇంకొకటి, కొబ్బరి మాను పైపొర చాలా గట్టిది, గొలుసు త్వరగా మొద్దుబారుతుంది. శంకరగుప్తం డ్రెయిన్ వైపు ఉప్పునీటికి చచ్చిపోయిన మోడులు కొట్టేవాళ్ళకి ఇది బాగా తెలుసు. పొట్టు పలుకులుగా రాకుండా పిండిలా రాలుతోందంటే ఆకురాయి పట్టాల్సిందే. మొద్దు గొలుసుతో అదిమి కోస్తే ఆ భారమంతా ఇంజను మీదే పడుతుంది.

మిషను తెచ్చేటప్పుడు టాంకులో పెట్రోలు తీసేసి తీసుకురండి. సాయంత్రం ఐదు తర్వాత వస్తే కొత్త పనులు తీసుకోవడం లేదు, ఆ సమయమంతా ఈ తిరిగొచ్చిన మిషన్లకే. ఆ రెండు సీసాలు బల్ల మీదే ఉన్నాయి, పొరలు మీ చేత్తో వంచి చూసుకోవచ్చు. ఇప్పటికే వేరే చోట డబ్బు పెట్టి పిస్టన్ వేయించుకున్నవాళ్ళు ఆ పాత పిస్టన్ ఉంటే తీసుకురండి, సెట్టు ధర ఇచ్చేస్తాను. పారేసినా రండి. కిట్టు ఎవరి మిషనుకి ఏ రోజు వేశానో నా పుస్తకంలో రాసి ఉంది.