శనివారం ఫ్రిస్కోకి బండి ఎందుకు రాలేదంటే

అందరికీ నమస్కారం. మొన్న శనివారం డాలస్ దగ్గర ఫ్రిస్కోలో ఒక పాప మొదటి పుట్టినరోజుకి నూట ఇరవై మందికి టిఫిన్లు ఒప్పుకున్నాను. పదకొండింటికి వాళ్ల వాకిట్లో ఉండాల్సిన మన టిఫిన్ల బండి ఒంటిగంటన్నర దాకా 121 హైవే పక్కన ఆగిపోయింది. ఆ ఇంటివాళ్లు నన్ను ఒక్క మాట అనలేదు, పిజ్జాలు తెప్పించి పెట్టుకున్నారు. అడ్వాన్స్ అంతా ఆ రాత్రే తిరిగి పంపేశాను. కానీ డబ్బుతో తీరేది కాదది. గుంటూరు నుంచి వచ్చిన తాతయ్యగారు మన పెసరట్టు తినాలని ఆ పాప వాళ్లమ్మ నాకు మూడుసార్లు ఫోన్ చేసి చెప్పింది.

బండి అమ్మేశామని, వ్యాపారం ఎత్తేశామని కొందరు అనుకుంటున్నారట. అదేం కాదు. జరిగింది ఇది.

మనది 1997 షెవ్రొలే పీ30 వ్యాన్. దాంట్లో ఉన్నది 4ఎల్80ఈ అనే నాలుగు గేర్ల ఆటోమేటిక్ గేర్‌బాక్స్. మార్చిలో అది అరిగిపోతే ఒక మెకానిక్ షాపులో 3,600 డాలర్లు పెట్టి రీబిల్డ్ (మొత్తం విప్పి మళ్లీ బిగించడం) చేయించాను. ఏడాది వారంటీ ఇచ్చారు. రెండు వారాలు బాగానే నడిచింది. తర్వాత కొత్త జబ్బు మొదలైంది. పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు ఏ తేడా ఉండదు. నలభై నిమిషాలు నడిచాక ఇంజిన్ ఒక్కసారిగా హోరెత్తుతుంది, బండి సెకండ్ గేర్‌లో ఇరుక్కుపోతుంది, ఎంత తొక్కినా థర్డ్ పడదు. ఆపి మళ్లీ పార్క్ నుంచి డ్రైవ్‌లోకి వేస్తే వెనక నుంచి ఎవరో గుద్దినట్టు దెబ్బ. అలాంటి ఒక దెబ్బకే సాంబారు గిన్నె మూత ఎగిరి, ముప్పై మందికి సరిపడే సాంబారు నేల పాలైంది. గంటసేపు ఆపితే మళ్లీ మామూలే.

షాపుకి మూడుసార్లు తీసుకెళ్లాను. మొదటిసారి, కొత్త గేర్‌బాక్స్ కదా, సర్దుకోవాలి, ఐదొందల మైళ్లు తిప్పమన్నారు. తిప్పాను. రెండోసారి ఆయిల్ మార్చారు. మూడోసారి బండి ఓవర్‌లోడ్ అన్నారు. లోపల వాల్వులు పట్టేస్తున్నాయట, మొత్తం దించి విప్పాలట, ఓవర్‌లోడ్ కాబట్టి లేబర్ 1,400 డాలర్లు నేనే కట్టాలట. బండి కంప్యూటర్‌లో తప్పు చూపించే కోడ్‌లేమైనా ఉన్నాయా అని అడిగితే, మీరు వంట చూసుకోండి, గేర్‌బాక్స్ సంగతి మాకు వదిలేయండి అన్నాడు షాపతను.

ఆ మాట నాకు ఇంకా మింగుడు పడలేదు. మా నాన్న నలభై ఏళ్లు విజయవాడ ఆటోనగర్‌లో లారీ గేర్‌బాక్సులు విప్పిన మనిషి. నేను ఆ షెడ్డులో నట్లు కడుగుతూ పెరిగాను. ఆ మర్నాడే ట్రక్ స్టాప్‌లో కాటా వేయించాను. నీళ్లు, గ్యాసు, పిండి, జెనరేటర్, మేమిద్దరం, అన్నీ కలిపి 11,860 పౌండ్లు. బండి మోయగలిగే మొత్తం బరువని ప్లేటు మీద ఉన్నది 14,000. ఆ చీటీ నా దగ్గరే ఉంది.

నాన్నకి ఫోన్ చేశాను. ఆయన ఆటోమేటిక్ ఎప్పుడూ ముట్టుకోలేదు. అయినా విని ఒకటే అన్నారు: "వేడి మీద వచ్చే జబ్బుని వేడి మీదే చూడాలిరా. చల్లారాక చూపిస్తే వాళ్లకేం కనపడుద్ది?"

శనివారం బండి ఆగినప్పుడు కోడ్‌లు చదవడానికి నేను కొన్న చిన్న స్కానర్ పెట్టి చూశాను. పీ0753, పీ0758 రెండూ ఒకేసారి ఉన్నాయి. ఈ గేర్‌బాక్స్‌లో గేర్లు మార్చేవి కరెంటుతో పనిచేసే రెండు సొలెనాయిడ్లు, ఆ కోడ్‌లు వాటి కరెంటు సర్క్యూట్లవి. రెండింటికీ కరెంటు పోతే ఇది సెకండ్‌లోనే ఉండిపోతుంది. తప్పు కనిపెట్టిన కంప్యూటర్ ఆయిల్ ప్రెషర్ పూర్తిగా పెంచేస్తుంది, ఆ దెబ్బ అందుకే. వాల్వు పట్టేస్తే కరెంటు కోడ్ ఎందుకొస్తుంది? రెండు సొలెనాయిడ్లు ఒకే క్షణంలో చచ్చిపోవు కదా. రెండింటికీ కలిపి కరెంటు తెచ్చే వైరు ఒకటే.

మా కమిసరీలో (ఫుడ్ ట్రక్కులన్నీ కలిసి వాడుకునే వంటశాలలో) టాకో బండి నడిపే అతను గార్లండ్ నుంచి ఒక మెక్సికన్ పెద్దాయన్ని పిలిపించాడు. ఆదివారం రాత్రి జబ్బు వచ్చేదాకా బండి తిప్పి, వేడి మీదే కనెక్టర్ ఊడదీసి మీటర్ పెట్టాం. బండి వైపు నుంచి పన్నెండు వోల్టులు నిక్కచ్చిగా వస్తున్నాయి. గేర్‌బాక్స్ వైపు మాత్రం రెండు సొలెనాయిడ్లకీ సర్క్యూట్ తెగింది. చల్లారాక చూస్తే రెండూ ఇరవై నాలుగు ఓమ్‌లు, అంటే మామూలుగానే ఉన్నాయి. తప్పు లోపలి వైర్లలోనే ఉంది.

లోపల చూడాలంటే కింద ఆయిల్ ఉండే పాన్ దించాలి. పాన్ బోల్టుల మీద షాపువాళ్ల పసుపు రంగు గుర్తులున్నాయి. వేరేవాళ్లు ముట్టుకుంటే వారంటీ పోతుందని బిల్లు మీదే రాశారు. మా ఆవిడ వద్దంది: ఇంకా తొమ్మిది నెలలుంది, 1,400 కట్టేస్తే కనీసం వాళ్లది బాధ్యత అవుతుంది అంది. తన మాట తప్పని అనలేను. రెండు రాత్రులు నిద్ర పట్టలేదు. రేపు నిజంగానే లోపల క్లచ్ కాలితే మళ్లీ మూడువేలు ఎక్కడి నుంచి తేవాలి? కానీ ఏం పాడైందో చూడకుండానే నా మీద తోసినవాళ్ల చేతికి బండి మళ్లీ ఇవ్వడానికి మనసొప్పలేదు. మంగళవారం పొద్దున ఆ పసుపు గుర్తులున్న మొదటి బోల్టు నేనే విప్పాను.

ఏడెనిమిది క్వార్టుల ఆయిల్ దిగింది, కాలిన వాసన లేదు. పాన్‌లోని అయస్కాంతానికి సన్నటి బూడిదరంగు పేస్టు తప్ప ఇనుప ముక్కలు లేవు. పైన ఉన్న కనెక్టర్ మాత్రం పాతదే. ప్లాస్టిక్ పెళుసుబారి నల్లబడింది, కరెంటు వచ్చే పిన్ను దగ్గర చీలింది. పెద్దాయన గోరుతో నొక్కితే ఆ పిన్ను వెనక్కి జారింది. మూడువేల ఆరొందలు తీసుకుని ఆ వైర్ల కట్ట కూడా మార్చలేదు. కొత్తది, ఆయిల్, ఆయన కూలీ అన్నీ కలిపి 310 డాలర్లైంది.

అప్పట్నుంచి నాలుగు రోజులు, నూరు డిగ్రీల ఎండలో, ట్యాంకులు నింపుకుని రెండేసి గంటలు తిప్పాను. ఒక్కసారి కూడా ఇరుక్కోలేదు. అయినా ఈ నెలంతా బండి అర్వింగ్ దాటదు. ఎప్పటి చోటే, ఎప్పటి వేళలే. ఫ్రిస్కో, మెకినీ వచ్చే నెల నుంచి. ఒప్పుకున్న ఫంక్షన్లు ఏవీ మానను, అద్దె వ్యాన్‌లో సామాను తెచ్చి మీ ఇంటి దగ్గరే వేస్తాం, ఆ అద్దె నాది. వద్దనుకునేవాళ్లు చెప్పండి, అడ్వాన్స్ అదే రోజు పంపిస్తాను. ఆ షాపుకి మాత్రం ఇంక వెళ్లను, ఉచితంగా చేస్తామన్నా వెళ్లను.

తాతయ్యగారు ఇరవయ్యో తారీఖున గుంటూరు వెళ్లిపోతున్నారట. ఈ ఆదివారం పొద్దున పెనం, పిండి, అల్లప్పచ్చడి పట్టుకుని మేమిద్దరం కారులో వాళ్లింటికి వెళ్తున్నాం.