కొల్లేరు లంకలకు పిల్లర్ల ఇల్లు మంజూరు చేయండి

సంపాదకులకు నమస్కారం.

వానాకాలం రాగానే మీ పేపర్లో మా కొల్లేరు ఫొటో ఒకటి వస్తుంది. నడుము లోతు నీళ్లలో నెత్తిన బియ్యం మూటతో నడిచేవాళ్లు, పక్కనే పడవలో ఒక నాయకుడు. జరిగేదే వేస్తున్నారు, కాదనను. కానీ ఆ ఫొటోలో వెనకాల కిటికీ దాకా మునిగి ఉన్న ఇంటి గురించి ఎవరూ రాయరు. అది చాలాసార్లు ప్రభుత్వం డబ్బిచ్చి, ప్రభుత్వం చెప్పిన ప్లానులో కట్టించిన ఇల్లే. ఈ ఉత్తరం దాని గురించి.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మునిగితే రాష్ట్రమంతా టీవీల్లో చూసింది. ఆ నీళ్లు అక్కడ తగ్గాక ఎటు పోయాయి? కొల్లేరుకే వచ్చాయి. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, గుండేరు అన్నీ ఇందులోనే కలుస్తాయి, బయటికి పోవడానికి మాత్రం ఒక్క ఉప్పుటేరే దారి, అది దాదాపు 60 కిలోమీటర్లు వంకరటింకరగా పోయి సముద్రంలో పడాలి, మధ్యలో పూడిక, గుర్రపుడెక్క, పైగా సముద్రం పోటు మీదుంటే నీరు అసలు కదలదు. అందుకే మా దగ్గర వరద వచ్చిపోయేది కాదు, వచ్చి తిష్ఠ వేసేది. పెదఎడ్లగాడి దగ్గర నీరు రోడ్డెక్కిందంటే పెనుమాకలంక వైపు వాళ్లకి పడవే గతి. గంటల్లో తీసే వరదకీ, రోజుల తరబడి నిలిచే నీటికీ ఇల్లు కట్టే పద్ధతి వేరుగా ఉండాలి కదా. ఇటుక గోడ అన్ని రోజులు నీళ్లలో నానితే తడి పైదాకా పాకుతుంది, సున్నం రాలుతుంది, అడుగున ఉన్న బంకమట్టి ఉబ్బి, ఎండాకాలం మళ్లీ కుంచించుకుని గోడని మూలకి చీలుస్తుంది.

ముందు ఉప్పుటేరు బాగుచేసి, అడ్డగోలు చేపల చెరువుల గట్లు తీసేస్తే ఇళ్ల గొడవే ఉండదని కొందరు అంటారు. చేయండి, ఎవరు వద్దన్నారు? 2006లో ఆపరేషన్ కొల్లేరు పేరుతో గట్లు కొట్టేశారు, ఆ తర్వాత చాలాచోట్ల మళ్లీ లేచాయి. అదంతా తేలేలోపు పిల్లలు ఎక్కడ పడుకోవాలి?

ఇప్పుడు జరిగేది ఏమిటంటే, ఇల్లు మంజూరైతే ముందు స్థలం మెరక చేయాలి. లంకలో మట్టి ఎక్కడిది? పక్కనే తవ్వాలి, లేదా ట్రాక్టర్లలో తోలించుకోవాలి. ఇంటికిచ్చిన డబ్బులో మంచి వాటా ఇటుక పేర్చకముందే మట్టిపాలు. తవ్విన చోట గొయ్యి, దాంట్లో దోమలు. ఒకాయన మెరక చేసుకుంటే ఆ నీళ్లు పక్కింట్లోకి, పక్కింటాయన ఇంకో అడుగు పెంచితే ఎదురింట్లోకి. ఊరంతా పోటీపడి మట్టి పోసుకుని చివరికి నీళ్లు పోయే సందులన్నీ మనమే మూసేసుకున్నాం.

దీనికి బదులు సుమారు ఆరడుగుల పిల్లర్ల మీద చిన్న ఇల్లు కట్టనివ్వండి. కచ్చితంగా ఎంత ఎత్తన్నది ఆ ఊళ్లో ఇంతవరకు వచ్చిన పెద్ద వరద గుర్తు చూసి తేల్చాలి, ఆఫీసులో కూర్చుని కాదు. ఇది పిచ్చి ఆలోచనేం కాదు. అస్సాంలో బ్రహ్మపుత్ర ఒడ్డున మిసింగ్ గిరిజనులు చాంగ్ ఘర్ అని వెదురు స్తంభాల మీద ఇళ్లు కట్టుకుని తరతరాలుగా ఉంటున్నారు. బంగ్లాదేశ్‌లో మరీనా తబస్సుమ్ అనే ఆర్కిటెక్టు నదీ లంకల్లోని పేదల కోసం ఖుదీ బారీ అని వెదురూ స్టీలు జాయింట్లతో చిన్న ఇల్లు డిజైన్ చేశారు, నీళ్లొస్తే పై అంతస్తులో ఉండొచ్చు, ఒడ్డు కోసుకుపోతే విప్పుకుని ఇంకోచోట బిగించుకోవచ్చు. దానికి 2025లో ఆర్కిటెక్చర్‌కిచ్చే ఆగాఖాన్ అవార్డు కూడా వచ్చింది. పొలంలో మంచె కట్టడం తెలిసిన మనకి ఇది కొత్తగా నేర్పాలా?

అయితే అక్కడిది ఇక్కడ అచ్చంగా దించితే కుదరదు. మనకి తుపాను గాలి ఉంది. పిల్లర్ల మీద తేలికపాటి ఇల్లు పెడితే గాలి కిందనుంచి దూరి కప్పుని లేపుతుంది. కాబట్టి పిల్లర్ల మధ్య ఏటవాలు కట్లు, కప్పు దూలాన్ని పిల్లరుకి బిగించే ఇనప పట్టీలు, రెండు వాలుల బదులు నాలుగు వాలుల కప్పు ఉండాలి. పునాదికి కూడా మార్గముంది. ఉబ్బే నల్లమట్టి నేలల కోసం రూర్కీలోని సీబీఆర్‌ఐ (కేంద్ర భవన నిర్మాణ పరిశోధన సంస్థ) వాళ్లు ఎప్పుడో అండర్‌రీమ్డ్ పైల్ అనే పునాది స్తంభం తయారుచేశారు, సన్నగా దిగి అడుగున ఉల్లిపాయలా ఉబ్బి ఉంటుంది, పైన మట్టి ఎంత కదిలినా లోతున పట్టు వదలదు. కింద ఖాళీలో నీళ్లు పోతాయి, మిగతా రోజుల్లో వలలు, దోనె, మేకలు. ఆ ఖాళీకి గోడలు పెట్టి గదులు చేయనివ్వకూడదు, చేశారంటే మళ్లీ మెరక కథే. అపార్ట్‌మెంట్ సెల్లార్ల గతి చూస్తూనే ఉన్నాం.

మా ఇంట్లో పెద్దవాళ్లు మెట్లెక్కలేమంటారు. నిజమే, దాన్ని కొట్టిపారేయకూడదు. ఎత్తు తక్కువ మెట్లు, మధ్యలో ఒక అరుగు, పట్టుకోవడానికి కమ్మీ ప్లానులోనే ఉండాలి.

మరుగుదొడ్డి గురించి అందరూ సిగ్గుపడి వదిలేస్తారు గానీ అసలు రోగం అక్కడుంది. రెండడుగులు తవ్వితే నీళ్లూరే నేలలో రింగులు దించి ఇంకుడుగొయ్యి కడితే అది ఇంకదు, పొంగుతుంది, ఆ నీళ్లలోనే మేం నడవాలి. ఇంటితోపాటే ఎత్తులో, నీరు చొరబడని మూసిన ట్యాంకు పెట్టాలి. స్విచ్‌బోర్డులు, మీటరు కూడా పైనే. కప్పు మీది వాన నీళ్లు పట్టుకోవడానికి ఒక డ్రమ్ము, ఎందుకంటే చుట్టూ నీళ్లున్నా తాగే నీళ్లకి క్యాన్లు కొనే ఊళ్లివి.

డబ్బెక్కడిదంటారా? గ్రామీణ ఆవాస్ యోజనలో మైదాన ప్రాంతంలో ఇంటికి కేంద్రం లెక్క రూ.1.20 లక్షలు, కొండ ప్రాంతాలకి రూ.1.30 లక్షలు. కొండ మీద కట్టడం కష్టమని పది వేలు ఎక్కువ ఇవ్వగలిగినప్పుడు నీళ్లలో కట్టేవాళ్లని మైదానం లెక్కలో ఎందుకు వేస్తారు? బిల్లుల సంగతీ అంతే. పునాది అయితే ఇంత, కప్పు లెవలుకి ఇంత అని విడుదల చేస్తారు. పిల్లర్ల ఇంటికి పునాది అంటే ఏది? పైల్ దించితేనా, పైన పలక వేస్తేనా? ఇది తేల్చకపోతే ఏ ఇంజినీరూ సంతకం పెట్టడు, పేదవాడు అప్పు తెచ్చి పిల్లర్లు లేపి టెన్షన్‌తో ఆఫీసు చుట్టూ తిరుగుతాడు.

ఇంకోటి, కొల్లేరులో ఐదో కాంటూరు (సముద్రమట్టానికి ఐదడుగుల ఎత్తు గీత) లోపల అభయారణ్యం, 2002 నుంచి రామ్‌సర్ చిత్తడి నేల, అంటే అంతర్జాతీయ ఒప్పందం కింద గుర్తించినది కూడా. ఏ పని పెట్టుకున్నా అటవీశాఖ అభ్యంతరం తప్పదు. మట్టి పోయకుండా, నీటి దారి మూయకుండా కట్టే ఇంటిని ఒప్పించడం మెరక ఇంటికన్నా తేలికే అనుకుంటున్నా. కనీసం అడిగి చూడాలి.

గృహనిర్మాణ శాఖ వాళ్లు వచ్చే వానలకి ముందే ఏదో ఒక లంకలో నమూనాగా నాలుగైదు ఇళ్లు కట్టి, వాటిలో ఒక వానాకాలమంతా జనాన్ని ఉండనిచ్చి, ఏం బాగుందో ఏం బాగాలేదో ఆ ఇంటి ఆడవాళ్లని అడిగి ప్లాను సరిచేయాలి. మీ విలేకరి కూడా అప్పుడొస్తే పడవ మేమే పెడతాం.

- ఒక పాఠకుడు, కైకలూరు మండలం, ఏలూరు జిల్లా