వియ్యంకుడు ఇచ్చిన సిగరెట్టు

ఎడిటర్ గారికి నమస్కారం అండి.

మే 31న పొగాకు వ్యతిరేక దినం అని మీ పేపర్లో అర పేజీ వేసేరు కదా, అది నేను మా షాపు వెనకాల గోడౌన్ మెట్ల మీద కూచుని సిగరెట్టు తాగుతూ చదివేను. నవ్వుకోకండి. మానేసిన రోజు నుంచి ఒంట్లో ఏమేం బాగుపడతాయో గడులు గీసి మరీ వేసేరు, ఒక రోజు గడిచేసరికి రక్తంలో కార్బన్ మోనాక్సైడ్ తగ్గిపోద్ది, ఏడాదికి గుండెజబ్బు ముప్పు సగానికి దిగుద్ది అని, అన్నీ నిజమే, నాకు అవన్నీ కంఠతా వచ్చు కూడా. ఎందుకంటే అప్పటికే ఒకసారి మానేసి ఎనిమిది నెల్లు ఆ గడులు ఒక్కోటీ దాటుకుంటూ వెళ్లి, వైకుంఠపాళీలో పెద్దపాము మింగినట్టు మళ్లీ కిందకొచ్చి పడ్డవాణ్ని నేను. పాము మింగినవాడు ఏం చెయ్యాలో మాత్రం ఆ అర పేజీలో ఎక్కడా లేదండి. అందుకే ఈ ఉత్తరం. కొంచెం పెద్దదయ్యింది, కత్తిరించుకోండి పర్లేదు, మధ్యలో ఒక ఫోన్ నెంబరుంటది అది మాత్రం తియ్యకండి.

శ్రీకాకుళం ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర్లో ఎలక్ట్రికల్ సామాన్ల షాపు నాది, వయసు యాభై ఒకటి, ఇరవయ్యారేళ్లు తాగేను. రోజుకి పది పన్నెండు, ఫ్యాన్లు కూలర్లు కదిలే ఏప్రిల్ మే నెలల్లో అయితే లెక్కుండేది కాదు. నిరుడు ఒక సీలింగ్ ఫ్యాన్ డబ్బా పట్టుకుని కస్టమర్ ఇంట్లో మూడో అంతస్తు ఎక్కేసరికి, మా షాపు కుర్రోడు నా మొహం చూసి "సార్, మీరు కూచోండి నేను బిగిస్తాను" అన్నాడు, వాడేదో మర్యాదకన్నాడు గానీ నాకు అది లోపల గుచ్చుకుపోయింది. వినాయకుణ్ని నాగావళిలో కలిపిన రోజు రాత్రి పెట్టెలో మిగిలిన మూడు సిగరెట్లు కూడా అందులోనే పడేసేను (నదిలో అవి పడెయ్యడం తప్పే, ఒప్పుకుంటాను).

మొదటి మూడు రోజులు ఎవరికీ వద్దు ఆ బాధ. తల దిమ్ము, చిరాకు, నిద్ర లేదు, మా ఆవిడ పప్పులో ఉప్పు తక్కువైందంటే కంచం తోసేసేను. రెండో రోజూ మూడో రోజూనే ఎక్కువని, రెండు నుంచి నాలుగు వారాల్లో తగ్గుద్దని డాక్టరు గారు ముందే చెప్పేరు, అలాగే తగ్గింది. దీపావళికి మతాబుల పొగలో నిల్చున్నా ఏమీ అనిపించలేదు. సంక్రాంతికి బావమరుదులంతా పెరట్లో చేరి తాగుతుంటే పక్కనే కూచుని పేకాడేను. అక్కడే నాకు కొవ్వెక్కింది. నేను గెలిచేసేను అనుకున్నాను.

మే రెండో వారంలో బొబ్బిలిలో మా అమ్మాయికి తాంబూలాలు పుచ్చుకున్నాం. మంచి సంబంధం, మంచి మనుషులు, వాళ్లు మాకు చిన్న బొబ్బిలి వీణ బొమ్మ కూడా పెట్టేరు, అది ఇప్పుడు మా టీవీ మీదుంది. భోజనాలయ్యేక వియ్యంకుడు గారు నన్ను డాబా మీదకి తీసుకెళ్లేరు. ఇద్దరమే. కింద ఆడవాళ్ల నవ్వులు వినిపిస్తున్నాయి, నోట్లో కిళ్లీ, కడుపు నిండా పులిహోర బూర్లు, పైన వేపచెట్టు గాలి. ఆయన జేబులోంచి పెట్టె తీసి, మూత తెరిచి, ఒక సిగరెట్టు సగం పైకి లాగి నా వైపు పెట్టి "బావగారూ, రండి, ఇహ మనం మనం ఒకటి" అన్నారు. నేను తాగనండీ అనే మాట నా గొంతులో ఉంది. పిల్లనిచ్చే చోట మొదటి రోజే వియ్యంకుడు చెయ్యి చాపి ఇచ్చింది వద్దనడమేంటి అని ఇంకో మాట దాని మీద ఎక్కి కూచుంది. ఆయన అగ్గిపుల్ల గీసేరు. లైటర్ అయ్యుంటే ఏమయ్యేదో గానీ, ఆ అగ్గిపుల్ల మందు వాసన ముక్కుకి తగలగానే నా వేళ్లు వాటంతటవే సిగరెట్టు అందుకున్నాయండి. ఎనిమిది నెల్ల తరవాత మొదటి దమ్ముకి తల గిర్రున తిరిగింది, దగ్గొచ్చింది, నిజం చెప్పాలంటే అస్సలు బాగోలేదు కూడా.

ఇప్పుడు అసలు సంగతి. ఆ ఒక్క సిగరెట్టు నన్ను పడగొట్టలేదు. సాయంత్రం కారులో రాజాం మీదుగా వెనక్కి వస్తూ చిలకపాలెం జంక్షన్లో వాటర్ బాటిల్ కొంటానని దిగి, "ఎలాగూ పోయింది కదా" అనుకుని ఒక పెట్టె కొన్నాను చూడండి, అది పడగొట్టింది. డాబా మీద తాగింది మొహమాటం, చిలకపాలెంలో కొన్నది నిస్పృహ. రెండూ వేరు. ఈ తేడా నాకు ఆ రోజు తెలిసుంటే ఒక సిగరెట్టుతో పోయేదానికి ఇరవై రెండు రోజులు రోజుకి ఎనిమిదీ తొమ్మిదీ తాగేవాణ్ని కాదు. వ్రతం మధ్యలో ఒక్కసారి మెతుకు నోట్లో పడిందని ఎవరూ కోడిని కొయ్యరు కదా, మనం మాత్రం సిగరెట్టు దగ్గర సరిగ్గా అదే చేస్తాం.

తరవాత డాక్టరు గారిని అడిగితే చెప్పేరు, నికోటిన్ ఒంట్లోంచి కొద్ది రోజుల్లోనే పోద్దంట, కాబట్టి ఎనిమిది నెల్ల తరవాత నన్ను లాగింది నికోటిన్ కాదు, ఆ వాసన, ఆ కిళ్లీ, ఆ కబుర్లు, వాటితో ఇరవయ్యారేళ్లు ముడేసుకున్న అలవాటు. ఆ ముడి ఎక్కడెక్కడుందో చూసుకుని ఒక్కోటీ విప్పుకోవాలి తప్ప, మనసు గట్టి చేసుకో అంటే అవ్వదు అన్నారు. ఒక్కసారికే మానేసేవాళ్లు తక్కువ, చాలామంది పడిలేస్తూనే మానేస్తారని కూడా అన్నారు. ఈ ముక్క నాకు ఎంత ధైర్యమిచ్చిందో చెప్పలేను.

కానీ బయట ఎవరూ అలా చూడరండి. పక్క షాపాయన నా చేతిలో సిగరెట్టు చూసి "ఏటి బావూ, కథ మళ్లీ మొదటికొచ్చిందేటి, నాకు ముందే తెల్సు" అని పదిమందిలో నవ్వేడు. ఆ రోజు కసికి రెండు ఎక్కువ తాగేను. మా ఆవిడ తిట్టలేదు, ఏమీ అనలేదు, చొక్కా వాసన చూసి బకెట్లో పడేసి వెళ్లిపోయింది, అది ఇంకా కష్టం. మీ ఇంట్లో ఎవరైనా ఇలా మళ్లీ మొదలెడితే వెటకారం చెయ్యకండి, ఎప్పుడు తాగేవు, ఎక్కడ తాగేవు, ఏమైంది అని మామూలుగా అడగండి చాలు. మా అమ్మాయి అలాగే అడిగింది. డాబా సంగతంతా చెప్పేను. అది "మా మావయ్య గారి వల్లా!" అని నవ్వేసింది. నాకూ నవ్వొచ్చింది.

మా నాయనమ్మది కళింగపట్నం దగ్గర పల్లె. అడ్డపొగ తాగేది, అంటే చుట్ట నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని. మన జిల్లా వాళ్లకి కొత్తగా చెప్పక్కర్లేదు, సముద్రం ఒడ్డు పల్లెల్లో ముసలాళ్లు అలాగే తాగేవారు, గాలికి నిప్పు ఆరిపోకుండా ఉంటదని కొందరంటారు. మన శ్రీకాకుళం జిల్లా పల్లెల్లో పదివేల మందికి పైగా జనం నోళ్లు పరీక్షించి, అడ్డపొగ వల్ల అంగుట్లో తెల్లమచ్చలు, క్యాన్సరు వస్తున్నాయని 1971లోనే డాక్టర్లు పరిశోధన అచ్చేసేరు. నాయనమ్మ అంగుడు కూడా తెల్లగా, బీటలేసిన గోడలా ఉండేది, చిన్నప్పుడు నోరు తెరిచి చూపించమని ఆడుకునేవాళ్లం. ఒకసారి మా నాన్న గట్టిగా కేకలేస్తే నెల రోజులు మానేసింది, తరవాత ఒక రోజు వాన పడుతుంటే అరుగు మీద కూచుని మళ్లీ వెలిగించింది. "ఏటే మళ్లీనా?" అంటే "నాను మానీసినానురా, నోరు మానీలేదు" అంది. అప్పుడు అందరం నవ్వేం. ఆవిడకి ఫోన్ చేసి అడగడానికి ఒక నెంబరు లేదు, మానడానికి నమిలే గమ్ము లేదు, పాపం.

మనకుంది. 1800-11-2356, పొగాకు మానడానికి సాయం చేసే సర్కారు నెంబరు. డబ్బులు పడవు. ఈ నెంబరు 2018 నుంచి సిగరెట్టు పెట్టె మీదే అచ్చేస్తున్నారు, అన్నేళ్లూ కొని కూడా నేను చూళ్లేదు, ఎందుకంటే నేను మూడొంతులు విడిగా కొన్నవాణ్ని. టీ బడ్డీ దగ్గర ఒకటీ రెండూ విడిగా కొనేవాడికి పెట్టె మీద హెచ్చరిక బొమ్మ ఎంత పెద్దదుంటే ఏం, 85 శాతం వేసినా 100 శాతం వేసినా, వాడి చేతికొచ్చేది తెల్లకాగితం గొట్టమే కదా. సరే, ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడేరు, ఎందుకు మొదలెట్టేరు అని తిట్టలేదు, రోజులో ఏ సిగరెట్టు మానడం అన్నింటికన్నా కష్టం అని అడిగేరు. అది పొద్దున్న పదిన్నర టీ సిగరెట్టు. మానే తేదీ నన్నే పెట్టుకోమన్నారు, జూన్ 4 అన్నాను. వారం తరవాత వాళ్లే ఫోన్ చేసి ఎలా ఉన్నారని అడిగేరు, అది నేను అనుకోలేదు.

ఈసారి నికోటిన్ గమ్ము కూడా వాడేను, 2 మిల్లీగ్రాములది. మొదటి రోజు దాన్ని మామూలు చూయింగ్ గమ్ములా గబగబా నమిలి ఉమ్మంతా మింగేసేను, గంటసేపు ఎక్కిళ్లు, షాపులో కస్టమర్లు "ఎవరో తలుచుకుంటున్నారు సార్" అని ఒకటే నవ్వు. అలా కాదంట. నాలుగైదు సార్లు నెమ్మదిగా నమిలి, నోరు చురచురమనగానే బుగ్గలో ఒక పక్కన పెట్టేసి వదిలెయ్యాలి, చురుకు తగ్గేక మళ్లీ నమలాలి, అలా అరగంట. టీ కాఫీ తాగిన పావుగంట దాకా పెట్టుకోకూడదు, సరిగ్గా పనిచెయ్యదు. ఇంకా గట్టిగా అలవాటున్నవాళ్లకి మాత్రలున్నాయి గానీ అవి డాక్టరు రాస్తేనే, పక్కింటాయన చెప్పేడని వేసుకునేవి కావు. ఇ-సిగరెట్టు మంచిదని ఒక కుర్రోడు సలహా ఇచ్చేడు, అవి 2019 నుంచి మన దేశంలో అమ్మడమే నేరం అని చెప్పి పంపించేసేను.

తాగాలనిపించడం ఇప్పటికీ ఉందండి, లేదంటే అబద్ధం. రోజుకి నాలుగైదు సార్లు వస్తది. కానీ అది వచ్చి అలా కూచుని ఉండిపోదు, అల లాగ లేచి ఐదు పది నిమిషాల్లో విరిగిపోద్ది, ఆ ఐదు నిమిషాలూ ఎలా గడపాలన్నదే మొత్తం విద్య. నాకైతే పదిన్నరకి షాపు కుర్రోడికి అప్పచెప్పి నాగావళి వంతెన దాకా నడుస్తాను, మధ్యలో ఒక లవంగం బుగ్గన పెట్టుకుంటాను, వంతెన మీద గాలి తగిలేసరికి అది పోయుంటది. టీ బడ్డీ మార్చేసేను, ఇప్పుడు వెళ్లే చోట సిగరెట్లు అమ్మరు, టీ మాత్రం నీళ్లలాగుంటది, ఏం చేస్తాం. మొదట్లో నోరు ఊరుకోక పలాస జీడిపప్పు పెట్టుకుని నమిలేవాణ్ని, మూడు వారాల్లో రెండు కేజీలు పెరిగి, సిగరెట్లకన్నా ఎక్కువ ఖర్చై, అది మానేసి ఇప్పుడు సోంపు.

అన్నింటికన్నా కష్టమైన పని ఏంటంటే వియ్యంకుడు గారికి ఫోన్ చెయ్యడం. శ్రావణంలో పెళ్లి, మూడు రోజులు ఆయన పక్కనే ఉండాలి, ఆ పెట్టె మళ్లీ తెరుచుకుంటది. చెపితే ఏమనుకుంటారో అని పది రోజులు వాయిదా వేసేను. చివరికి ఒక రాత్రి చేసి, బావగారూ, ఆ రోజు మీరిచ్చింది నేను ఎనిమిది నెల్ల తరవాత తాగిన మొదటిదండీ, తప్పు మీది కాదు, వద్దనలేకపోయేను, పెళ్లిలో మాత్రం నాకు ఇవ్వకండి అని ఒక్క గుక్కలో చెప్పేసేను. ఆయన కాసేపు మాట్లాడలేదు. నా గుండె ఆగిపోయింది. తరవాత "నేనూ రెండుసార్లు మానేసి మొదలెట్టినవాణ్నే బావగారూ, మీరూ తాగుతారనుకుని మర్యాదకి ఇచ్చేను, ఆ రోజు మీరు దగ్గినప్పుడే నాకు అనుమానమొచ్చింది" అన్నారు. మర్యాద కోసం ఆయన ఇచ్చేరు, మర్యాద కోసం నేను తీసుకున్నాను.

కాబట్టి మీకు నా మనవి ఏంటంటే, ఒక్క మే 31న కాకుండా మామూలు రోజుల్లో కూడా, జిల్లా పేజీలో ఎక్కడో మూలనైనా ఆ నెంబరు వెయ్యండి. దాని కింద "మానేసి మళ్లీ మొదలెట్టినవాళ్లు కూడా చెయ్యొచ్చు" అని ఒక్క లైను పెట్టండి, ఎందుకంటే మాలాంటివాళ్లం సిగ్గుతో చెయ్యం. బహిరంగ స్థలాల్లో తాగితే 200 రూపాయల జరిమానా అని 2008 నుంచి బోర్డులున్నాయి, బడికి వంద గజాల్లో అమ్మకూడదని చట్టముంది, మా వీధి బడి గేటుకి నేను అడుగులు లెక్కెట్టుకున్నాను, బడ్డీ నలభై అడుగుల్లో ఉంది. దాని గురించి మీ విలేకరి ఎవరైనా వస్తే చూపిస్తాను.

ఈ ఉత్తరం రాస్తున్న రోజుకి నలభై మూడు రోజులు. నిన్న వియ్యంకుడు గారు మళ్లీ ఫోన్ చేసేరు, పెళ్లికి పురోహితుడి గురించి మాట్లాడి, పెట్టేసే ముందు "ఆ గమ్ము ఏ షాపులో దొరుకుద్ది బావగారూ?" అని అడిగేరు. శ్రీకాకుళం నుంచి రెండు స్ట్రిప్పులు రేపు బొబ్బిలి వెళ్లే మా కుర్రోడి చేత పంపిస్తున్నాను, ఎక్కిళ్ల సంగతి కాగితం మీద రాసి మరీ.

ఇట్లు,
మీ పాఠకుడు,
ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర, శ్రీకాకుళం.
(పేరు వెయ్యకండి, పెళ్లి పెట్టుకున్నాం.)